మోకాలు పోయినవాడికి జాగా

ఈ ఉదయం ఫోనులో చిన్న వార్త ఒకటి కనబడింది. మా జట్టు ఒక ముసలి ఆటగాణ్ణి తీసేసిందట. ముసలి అంటే ముప్పై ఆరేళ్ళు. మా జట్టు అంటే మా ఊరిది కాదు, అమెరికాది. చేతులతో పట్టుకుని పరిగెత్తుతూ ఆడినా ఫుట్‌బాల్ అనే పిలుచుకునే ఆట అది. జట్టు పేరు చెప్పను. ఏటా ఓడిపోయే జట్టు పేరు చెప్పుకోవడానికి ఎంత అభిమానికైనా కొంచెం మొహమాటం ఉంటుంది. ముత్తుకూరులో కుట్టుమిషను తొక్కుకునేవాడికి ఆ జట్టుతో ఏం పని అని మీకు అనిపిస్తే తప్పు లేదు. మా ఆవిడ అదే ప్రశ్న ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. “ఆదివారం దేవుడికిచ్చి, సోమవారం ఆ గుడ్డు బంతికిచ్చినారు. ఇంక జాకెట్లు కుట్టేది ఎప్పుడంట?” అని.

ఆ ఆటను మా ఇంటికి తెచ్చింది మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు. రేవులో బొగ్గు ఓడలు ఖాళీ చేసే గ్యాంగులో పని చేసేవాడు. ఇనుప నిచ్చెన మీదుగా ఓడ కడుపులోకి దిగి, యంత్రం అందుకోలేని మూలల్లో మిగిలిన బొగ్గును పారతో పోగు చేయడం ఆ గ్యాంగు పని. ఒకసారి ఒక విదేశీ ఓడలో, నావికులు భోజనం చేసే గదిలో టీవీ ముందు పెద్ద కేకలు వినబడి తొంగి చూశాడట. ఇంటికి వచ్చి, “బంతి గుండ్రంగా లేదు బావా. ఒకణ్ణి పదిమంది తొక్కుతుండారు. తొక్కినాక లేపి చెయ్యి కలుపుతుండారు” అన్నాడు. ఆ చెయ్యి కలపడమే వాడికి నచ్చింది. కొన్నాళ్ళకు ఫోనులో ఆట ఎలా చూడాలో కనిపెట్టాడు. అక్కడ ఆదివారం రాత్రి ఆడే ఆట మనకు సోమవారం తెల్లవారుజామున వస్తుంది. రేవు రోడ్డు మీది టిఫిన్ అంగడి అప్పటికే తెరిచి ఉంటుంది. ఆ అంగడి యజమానురాలు నాకు బంధువు కాదు, కానీ ఊరందరికీ అక్క. సాంబారు బకెట్టుకు ఆనించి ఫోను నిలబెట్టి, ఇడ్లీ ఆవిరిలో తెర మసకబారినప్పుడల్లా తువ్వాలుతో తుడుచుకుంటూ మేమిద్దరం చూసేవాళ్ళం. అక్క మొదట ఊరికే విన్నది, తరవాత అడగడం మొదలుపెట్టింది, ఆ తరవాత మమ్మల్ని దిద్దడం మొదలుపెట్టింది.

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. తక్కినదంతా మా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఎదురుగానే నా అంగడి కాబట్టి, గిరాకీ లేని మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. ఓడల గురించి, నక్షత్రాల గురించి, రోము రాజుల గురించి నాకు తెలిసిందంతా ఆ మూడు బీరువాల్లోదే. అందుకని ఆట నియమాలు తెలుసుకునే బాధ్యత నా మీద పడింది. విజ్ఞాన సర్వస్వంలో ఆ ఆటకు ఇచ్చింది అర పేజీ. అందులోనూ బొమ్మే ఎక్కువ. పట్టుబట్టి ఫోనులో ఇంగ్లీషు వార్తలు చదవసాగాను. పక్కన నిఘంటువు, చేతిలో సుద్దముక్క. తెలియని మాటలు కత్తిరింపు బల్ల మీదే రాసుకునేవాణ్ణి. తీసేసిన ఆటగాణ్ణి వేరే జట్లకు చూపే జాబితాను వాళ్ళు “వేవర్” అంటారు; ఒకావిడ జాకెట్టు గుడ్డ వెనక ఆ మాట అచ్చుపడి, ఆమె దాన్ని తన కొలత అనుకున్నది కూడా నిజమే.

ముందుగా మేం తప్పులో పడింది డ్రాఫ్ట్ అన్న మాట దగ్గర. ఏటా అక్కడి జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఏడు విడతల్లో, వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కానీ మా బావమరిదికి ఆ మాట వేరే దారిలో పరిచయం. ఓడ పక్కల మీద అడుగు నుంచి పైకి అంకెలు రాసి ఉంటాయి. నీళ్ళు ఏ అంకె దాకా వచ్చాయో చూస్తే ఓడ ఎంత లోతు దిగిందో తెలుస్తుంది. ఆ లోతు డ్రాఫ్ట్. బరువుతో వచ్చినప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి చూసి లెక్కగడితే దించిన బొగ్గు ఎంతో తేలుతుంది. ఆ అంకెలు చూడటానికి సర్వేయరు పడవలో వెళ్ళినప్పుడు, తాడు పట్టుకోవడానికి మావాణ్ణి పిలుస్తుండేవారు.

“డ్రాఫ్ట్ అంటే నాకు తెలియదా బావా? ఇరవై ఏళ్ళుగా చూస్తుండా. వాళ్ళు మనుషుల్ని తూకం వేస్తుండారు చూడు. బరువైనోడు మొదటి డ్రాఫ్టు, తేలికోడు ఏడో డ్రాఫ్టు.”

“ఎంత లోతు దిగుతాడో చూడాలంటే నీళ్ళలోకి దించాల గదా నాయనా, తక్కెట్లో ఎందుకు పెడుతుండారు?” అంది అక్క.

ఎంపికకు ముందు ఆటగాళ్ళను తూచి, కొలిచి, పరిగెత్తించి చూడటం నిజమే కాబట్టి, వాడి మాట నాకూ సబబుగానే తోచింది. ఒక ఏడాదంతా మేం ఆ నమ్మకంతోనే బతికాం. మరుసటి ఏడాది బంతి విసిరే ఒక సన్నటి కుర్రవాణ్ణి అందరికంటే ముందు ఎంచుకునేసరికి, అక్కడేదో మోసం జరిగిందని మావాడు ఇడ్లీ వదిలేసి లేచాడు. నేను గ్రంథాలయానికి వెళ్ళి, ఇంటికివ్వని పెద్ద నిఘంటువును అక్కడే కూర్చుని తిరగేశాను. ఆ ఒక్క మాటకు ఎనిమిది అర్థాలున్నాయి. గాలి తెర, చిత్తుప్రతి, బ్యాంకు కాగితం, ఓడ లోతు, ఆఖరున ఎక్కడో మనుషుల్ని ఏరుకోవడం. ఎనిమిదీ రాసుకుని వచ్చి చదివి వినిపించాను. ఓడిపోయిన జట్టుకే మొదటి వంతు ఇస్తారని కూడా చెప్పాను. అక్క గరిటె ఆపి, “ఈ ముక్క మన పాస్టరుగారికి చెప్పండి, ప్రసంగానికి పనికొస్తుంది” అంది.

ఒప్పందాల విషయంలో మాత్రం అక్కదే పైచేయి. ఫలానావాడికి ఐదేళ్ళకు ఇన్ని కోట్లు అని మేం నోరు తెరుచుకుని చెబితే, ఆమె అడిగేది ఒకటే ప్రశ్న. “దెబ్బ తగిలి మూల కూర్చుంటే కూడా ఇస్తారా?” నేను చదివి చూస్తే చాలా ఒప్పందాల్లో ఖాయంగా ఇచ్చేది కొంతే, మిగతాది జట్టులో ఉంచుకుంటేనే. “అయితే ఆ మిగతాది జీతం కాదు, ఆశ” అని తేల్చేసింది.

ఆగస్టు చివర ఒక్కో జట్టూ తొంభై మందిని యాభై మూడుకు తగ్గించాలి. ఎవరుంటారు, ఎవరు పోతారు అని వారాల తరబడి వాదించుకోవడం మాకు ఆటకంటే ఇష్టంగా ఉండేది. మా ఊళ్ళో మమ్మల్ని ఏ జాబితాకూ ఎవరూ సలహా అడగరు మరి. ఒక ఏడాది మా జట్టులో ముందు వరసలో నిలబడే ఒక పెద్ద వయసువాడు ఉండేవాడు, మోకాలికి శస్త్రచికిత్స అయింది. అందరిలోకీ కఠినంగా మాట్లాడింది మా బావమరిదే.

“తీసెయ్యాల బావా. మోకాలు పోయినోడికి జాగా ఎందుకు? ఆ జాగాలో కుర్రోడొస్తాడు.”

“ఇన్నేళ్ళు ఆ మోకాలి మీదనే గదా గెలిచినారు” అంది అక్క.

“గెలిచింది యాడక్కా?” అన్నాడు వాడు. ముగ్గురం నవ్వుకున్నాం. మూడు రోజులకు ఆ ఆటగాణ్ణి తీసేశారు.

ఆ తరవాతి సోమవారం మావాడు అక్క అంగడికి వచ్చాడు గాని ఫోను బయటికి తీయలేదు. రేవులో గ్యాంగు పని కొత్త కాంట్రాక్టరుకు వెళ్ళింది. ఆయన మనుషులు పాతవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి నిచ్చెన ఎక్కించి దించారట. వీడు సగంలో ఆగిపోయాడు. మోకాలు ఎప్పటి నుంచి నొస్తోందో మాకెవరికీ చెప్పలేదు. శనివారం కొత్త జాబితా గోడకు అంటిస్తారు, అందులో నీ పేరు ఉండదని మేస్త్రీ ముందే చెప్పేశాడు. వాడికి అప్పుడు నలభై ఆరేళ్ళు. బొగ్గు తప్ప ఇంకో పని తెలియదు.

“మోకాలు పోయినోడికి జాగా ఎందుకని నేనే అంటిని గదా బావా” అన్నాడు. అక్క వాడి పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసింది. వాడు తినలేదు.

ఆ రోజు నేను మిషను తొక్కలేదు. కాళ్ళలో వేగం తగ్గిన ఆటగాణ్ణి కొన్ని జట్లు తీసేయకుండా జాగా మారుస్తాయని అంతకుముందు చదివాను. అంచున పరిగెత్తేవాణ్ణి వెనక్కి జరిపి, ఆట ఎటు పోతుందో కనిపెట్టే చోట నిలబెడతారు. వాడి కాళ్ళు పోయినా కళ్ళున్నాయని. సాయంత్రం బావమరిదిని కూర్చోబెట్టి, నీకు చూపుతో చేసే పని ఏదొచ్చు అని అడిగాను. మొదట ఏమీ లేదన్నాడు. తరవాత, “అల మీద అంకె చదువుతా” అన్నాడు.

అల లేచి పడుతుంటే ఓడ మీది అంకె నిలకడగా కనబడదు. సర్వేయరు చెప్పే అంకెను వీడు తాడు పట్టుకుని తనలో తాను ముందే అనుకునేవాడట. అల పైకి వచ్చిన అంకె, కిందికి పోయిన అంకె పదిసార్లు చూసి, నడిమిది పట్టుకోవడం వాడి పద్ధతి. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు.

అర్జీ రాయడానికి కూర్చున్నాను. “బతిమాలేది రాయబాక బావా” అన్నాడు. బతిమాలలేదు. పిల్లల సంగతి, ఇంటి సంగతి ఒక్క మాట రాయలేదు. అంకె ఎలా చదువుతాడో, ఎన్నేళ్ళుగా పడవలో వెళ్తున్నాడో, నిచ్చెన అవసరం లేని ఆ పనికి ఎందుకు తగినవాడో రాశాను. మూడు చిత్తుప్రతులు చింపేసి నాలుగోది ఉంచాను. మంగళవారం ఇద్దరం కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి సూపర్వైజరు కాగితం సగం చదివి, “ఎవరు రాసినారు?” అన్నాడు. “మా బావ. టైలరు” అన్నాడు మావాడు. ఆయన నవ్వి కాగితం బల్ల మీద పడేశాడు. మేం కదల్లేదు. కాసేపటికి తలెత్తి చూసి, “గురువారం ఓడొస్తుంది, పడవ దగ్గరికి రా. చదివేది చూస్తాం” అన్నాడు.

గురువారం నాకు లోపలికి పాసు లేదు. రేవు గేటు బయట, లారీల దుమ్ములో నిలబడ్డాను. గాలి ఎక్కువగా ఉంది. ఆ రోజే ఇంత గాలి వీయాలా అని విసుక్కున్నాను, గాలి లేకపోతే వాడి పనితనానికి విలువేముందని మళ్ళీ నన్ను నేనే మందలించుకున్నాను. రెండు గంటలకు వాడు బయటికి వచ్చాడు. ఓడ చుట్టూ ఆరు చోట్ల అంకెలు చదవాలి. ఐదు చోట్ల సర్వేయరు అంకె, వీడి అంకె ఒకటే. ఆరోది కలవలేదు.

“ఆయన తన అంకే రాసుకున్నాడు. నాదే సరైంది బావా” అన్నాడు.

“ఆ మాట ఆయనతో అన్నావా?”

“అన్నా.”

ఇక పని పోయినట్టే అనుకున్నాను. కానీ వాడి ముఖంలో సోమవారం నాటి మనిషి లేడు.

శనివారం జాబితా అంటించారు. అచ్చువేసిన పేర్లలో వాడి పేరు లేదు. కాగితం అడుగున ఎవరో పెన్నుతో రాసిన ఒక వరస ఉంది. వాడి పేరు, పక్కన “పడవ సహాయకుడు, ఆరు నెలలు.” గ్యాంగులో వాడి చోటికి చిట్టమూరు నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ మనిషిని తీసుకున్నారు. మావాడే ఆ కొత్తవాణ్ణి అక్క అంగడికి తీసుకొచ్చి, నిచ్చెన ఏ మెట్టు దగ్గర జారుతుందో చెప్పాడు.

అక్క అంతా విని ఎప్పటి ప్రశ్నే అడిగింది. “ఆరు నెలలు ఖాయమేనా?”

“కాదక్కా.”

“అయితే ఆరో నెల రాకముందే మళ్ళీ రాయండి.”

మళ్ళీ రాశాం. ఆరు నెలలకొకసారి రాస్తూనే ఉన్నాం. ప్రతిసారీ కొత్తగా, ఈ ఆరు నెలల్లో వాడు ఏం నేర్చుకున్నాడో చేర్చి. ఇప్పటికి ఏడు అర్జీలయ్యాయి, ఎనిమిదోది రాయాల్సిన నెల ఇది. ఈ ఉదయం వార్త చదివి వినిపిస్తే, తీసేయడం సరేనా కాదా అని మావాడు వాదించలేదు. “ఆయనకు ఇంకేం చేతనవునో అడిగినారా వాళ్ళు?” అన్నాడంతే. అరవైకి దగ్గరపడుతున్న నాకూ సూదిలో దారం ఎక్కించడానికి ఈ మధ్య రెండో ప్రయత్నం కావలసి వస్తోంది. కాలం మనల్ని ఉన్న చోటు నుంచి జరుపుతూనే ఉంటుంది, జరిగిన చోట ఏం చేయగలమో మాత్రం మనమే దానికి చెప్పుకోవాలి.