ఎవరు చేసినా ఎత్తకు

కాగితపు సంచులు చేసే యంత్రాలు బిగించే షెడ్డులో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. యంత్రం తిరుగుతుంటే పక్కన నిలబడి కళ్ళు మూసుకుంటాడు. ఏ బోల్టు వదులైందో, ఏ బేరింగుకు నూనె అందడం లేదో చూడకుండానే చెబుతాడు. వయసు యాభై రెండు. ముప్పై ఏళ్ళుగా అదే షెడ్డు, అదే మూల, కాలు విరిగితే అతుకు వేయించుకున్న అదే ఇనుప స్టూలు.

వీధిలో వాళ్ళు ఆయనకు ఇంకో పేరు పెట్టారు. ఫారిన్ మేస్త్రి. ఆ పేరు వింటే ఆయనకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆయన ఏనాడూ ఏ దేశమూ వెళ్ళలేదు.

ఏడేళ్ళ కిందట ఓనరు పిలిచి, “మేస్త్రీ, పాస్‌పోర్టు తీయించుకో. బయటి దేశం నుంచి ఆర్డరు వచ్చేలా ఉంది. వస్తే నువ్వే వెళ్ళి బిగించి రావాలి” అన్నాడు. మేస్త్రి పరుగున వెళ్ళి తీయించుకున్నాడు. ఆర్డరు రాలేదు. పాస్‌పోర్టు బీరువాలో పట్టుచీరల కింద పడుకుంది. వస్తుంది వస్తుందని ఎదురుచూస్తూ ఆయన ఊరికే కూర్చోలేదు. పక్క షెడ్డు వెల్డరు ఒకడు వారం రోజులు పరాయి దేశం వెళ్ళొచ్చి, జేబులో ఊరికే పడున్న ఫోనుకు రెండు నెలల జీతమంత బిల్లు కట్టాడని విన్నాడు. ఆ భయంతో ఫోను సంగతులు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కంపెనీల వాళ్ళకు ఫోన్లు చేసి ప్రాణాలు తోడేశాడు. రోమింగు అంటే ఏమిటి, అక్కడి సిమ్ము ఎప్పుడు కొనాలి, ఇక్కడి సిమ్ముకు బ్యాంకు మెసేజీలు రావాలంటే ఏం చేయాలి, అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకున్నాడు.

ఆయన వెళ్ళలేదు గానీ పుస్తకం పనికొచ్చింది. వీధిలో ఎవరు విమానం ఎక్కినా ముందు రోజు సాయంత్రం ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. చివరింటి టీచరమ్మ కూతురి దగ్గరికి వెళ్తుంటే ఆవిడ ఫోను తీసుకుని అరగంట కూర్చున్నాడు.

“ఇదిగోనమ్మా, దిగగానే ఇది నొక్కకండి. నొక్కితే లోపల ఉన్న యాప్‌లన్నీ వాటంతటవే కొత్తవి దింపుకుంటాయి, డబ్బు మీది. మ్యాపు ఇక్కడే దింపేశాను, నెట్టు లేకపోయినా దారి చూపిస్తుంది. అక్కడ వాడుకోవడానికి చిన్న రోమింగు ప్యాకు ఒకటి వేశాను. ఎక్కడో దిక్కు తెలియక నిలబడితే అదే ఆదుకుంటుంది. మిగతా కబుర్లన్నీ మీ అమ్మాయి ఇంట్లో వైఫై మీద.”

ఆవిడ నెల తర్వాత తిరిగొచ్చి, మంచులో నిలబడ్డ ఫోటోలు చూపించింది. మేస్త్రి అన్నీ చూసి, “ఫోను పనిచేసిందా?” అని ఒక్క మాట అడిగాడు. ఆవిడ అటు వెళ్ళగానే భార్యతో, “ఆ నడుం నొప్పితో ఈవిడకి విమానాలు అవసరమా?” అన్నాడు.

భార్య ఇంట్లోనే కూర్చుని గుడ్డ సంచులకు జిప్పులు కుడుతుంది. కుట్టు ఆపకుండానే, “ఆవిడ నడుము, ఆవిడ విమానం. మధ్యలో మీకెక్కడ నొప్పి?” అంది.

పోయిన ఏడాది ఆర్డరు నిజంగానే వచ్చింది. యంత్రాన్ని మేస్త్రే దగ్గరుండి, ఒక్కొక్క మర తన చేత్తో తిప్పి తయారుచేశాడు. పెట్టెల్లోకి ఎక్కించి ఓడకు పంపించారు. ఆ తర్వాత ఓనరు పిలిచాడు. మేస్త్రినీ, మేస్త్రి బామ్మర్దినీ కూడా.

బామ్మర్దిని పదకొండేళ్ళ కిందట ఆ షెడ్డులో చేర్పించింది మేస్త్రే. స్పానరు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఓనరు మాత్రం బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు. “వీడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు, ప్యానెల్లో నంబర్లు కొట్టడం వచ్చు. వీణ్ణి పంపిస్తున్నాను మేస్త్రీ. ఇది అక్కడ సరిగ్గా నడిస్తే వాళ్ళ దగ్గరే ఇంకో నాలుగు ఆర్డర్లున్నాయి. తేడా వస్తే అప్పుడు నిన్ను పంపక తప్పదనుకో.”

మేస్త్రి నవ్వాననే అనుకున్నాడు. బామ్మర్ది మాత్రం, బావకి పన్ను నొప్పేమో అనుకున్నాడట.

ప్రయాణం ముందు రోజు బామ్మర్ది ఫోను పట్టుకుని వచ్చాడు. “బావా, దీని సంగతి నువ్వే చూడాలి. నాకేం తెలీదు.”

మేస్త్రి ఫోను తీసుకున్నాడు. ఆపాల్సినవన్నీ ఆపాడు. మ్యాపు దింపాడు. అంతవరకు అందరికీ చేసినట్టే చేశాడు. ప్యాకు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

“నాలుగు రోజులకి ప్యాకెందుకురా, దండగ. హోటల్లో వైఫై ఉంటుంది, వాళ్ళ ఆఫీసులో ఉంటుంది. ఆ రెండు చోట్లా మాట్లాడుకో. బయట ఉన్నప్పుడు ఎవరు చేసినా ఎత్తకు. ఎత్తావంటే నిమిషానికింతని గోళ్ళూడగొట్టి వసూలు చేస్తారు.”

“అక్క చేస్తే?”

“ఎత్తకు.”

“ఓనరు చేస్తే?”

“అస్సలెత్తకు. ఇంకో ఉద్యోగమైనా దొరుకుతుంది గానీ ఆ బిల్లు కట్టలేవు.”

“నువ్వు చేస్తే?”

“నేను చేసినా ఎత్తకు. వైఫై దగ్గరికెళ్ళి నువ్వే చెయ్యి.”

కుట్టు మిషను ఆగింది. “టీచరమ్మకి చిన్న ప్యాకు వేశారుగా?” అంది భార్య.

“ఆవిడ పెద్దావిడ. వీడు కుర్రాడు, ఎలాగైనా నెట్టుకొస్తాడు.”

“ముప్పై ఎనిమిదేళ్ళ కుర్రాడు” అని ఆవిడ మళ్ళీ పెడల్ తొక్కింది.

బామ్మర్ది వెళ్ళాడు. మొదటి రోజు హోటల్ గది ఫోటో పంపాడు. తెల్లటి దుప్పటి, నాలుగు దిళ్ళు. “ఒక్కడికి నాలుగు దిళ్ళెందుకు?” అన్నాడు మేస్త్రి, ఆ దిళ్ళకు తనే డబ్బు కట్టినట్టు. రెండో రోజు పొద్దున ఫలహారం ఫోటో వచ్చింది. దాన్ని పెద్దది చేసి మరీ చూసి, ఫోను బోర్లించాడు.

మూడో రోజు ఇక్కడ షెడ్డుకు సెలవు. పొద్దున పదింటికి బామ్మర్ది వీడియోలో కనిపించాడు. మొహం వాడిపోయి ఉంది. యంత్రం నడుస్తోందట, కానీ పది పన్నెండు సంచులకొకసారి అడుగు మడత వంకరగా పడుతోందట. నిన్నటి నుంచీ వెతుకుతున్నా దొరకడం లేదు. రేపు పొద్దున ఆ కంపెనీ పెద్దవాళ్ళు చూడటానికి వస్తారు, మధ్యాహ్నం వాడికి విమానం.

“మోత వినిపిస్తాను బావా, ఉండు.”

వినిపించలేదు. కాల్‌లో మాట బాగా వినపడటం కోసం ఫోను చుట్టూ ఉన్న మోతను మింగేస్తుంది. మేస్త్రికి ఆ సంగతి తెలుసు. పని అలవాటు కొద్దీ నోరు తనంతట తనే చెప్పేసింది. “ఇలా రాదురా. రికార్డు చెయ్యి. రెండో రోలరు పక్కన పెట్టి రెండు నిమిషాలు తీసి పంపు.”

రికార్డు వచ్చింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. టక్, టక్, టక్, టక్. అర నిమిషం దాటకుండానే దాని మధ్యలో ఒక చిన్న తడబాటు వినిపించింది. చిన్న గేరు వెనక మర. ఓడలో కుదుపులకి వదులై ఉంటుంది. పాతిక పైసల పని.

జవాబు ఇవ్వడానికి ఫోను ఎత్తి, మళ్ళీ దించాడు. తేడా వస్తే నిన్ను పంపక తప్పదు అన్న ఓనరు మాట చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. రేపు పెద్దవాళ్ళ ముందు సంచి వంకరగా వస్తే, ఎల్లుండి పాస్‌పోర్టు బీరువాలోంచి లేస్తుంది. తను చేయాల్సిందేమీ లేదు. ఊరుకుంటే చాలు.

ఊరుకున్నాడు. స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడిచాడు. కిటికీ గడియకు నూనె వేశాడు. ఫోను టింగుమంటూనే ఉంది. బావా విన్నావా? బావా? మెసేజీ చూసినట్టు అవతలివాడికి తెలియకుండా చేసే ఏర్పాటు ఆయన తన ఫోనుకు ఎప్పుడో పెట్టుకున్నాడు.

“ఏమంటున్నాడు వాడు?” అంది భార్య.

“ఏదో మోత పంపాడు.”

“తెలిసిందా?”

“ఇంకా వినాలి.”

“ఒక్క మోతని మీరు ఇన్ని గంటలు వినడం నా కాపురంలో ఇదే మొదలు” అని ఆవిడ దారం పళ్ళతో కొరికి తెంపింది.

రెండు దాటాక ఇంకో మెసేజీ వచ్చింది. ఈసారి బామ్మర్ది గొంతు. “బావా, నీకు కుదరలేదేమో, పర్లేదు. వీళ్ళు నన్నేమీ అనడం లేదు. నా బిగింపులో తప్పు లేదంటున్నారు. యంత్రమే నాసిరకం, తయారుచేసినవాడికి పని రాదు అంటున్నారు.”

మేస్త్రి స్టూలు మీంచి లేచిన ఊపుకి నూనె డబ్బా దొర్లిపోయింది. “నా యంత్రాన్నంటారా! పని రాదా!” బామ్మర్ది మీద ఎంత కడుపుమంటైనా ఉండనీ, ఆ యంత్రంలో ప్రతి మరా ఆయన వేలిగుర్తు ఉన్నదే. గబగబా జవాబు చెప్పి పంపాడు. పంపాక చూస్తే ఒకటే గీత. అందినట్టు చెప్పే రెండో గీత పడలేదు. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. వాడు ఆ మెసేజీ పంపగానే వైఫై ఆపేసి ఆఫీసు తాళం వేసేసి ఉంటారు. బామ్మర్ది వెనక షెడ్డులో ఉంటాడు, ఇక అక్కడికి వైఫై అందదు. ఇంకో గంటలో షెడ్డు కూడా మూసేస్తారు.

మామూలు కాల్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అవతల కట్ చేశారు. మూడోసారీ కట్.

“ఎత్తడేమిటి వీడు!”

“ఎందుకెత్తుతాడు? మీరే చెప్పారుగా, మీరు చేసినా ఎత్తొద్దని. చెప్పిన మాట దాటని తమ్ముడు నాకు దొరికాడు” అంది భార్య. నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు.

నాలుగు. ఐదు. మేస్త్రి ఫోను వదల్లేదు. తను వేయకుండా ఆపిన ఆ చిన్న ప్యాకు కళ్ళముందు ఆడింది. ఆరోసారి బామ్మర్ది ఎత్తాడు.

“బావా! ఎవరికేమైంది? అక్క బానే ఉందా?”

“అక్కకేం, బ్రహ్మాండంగా ఉంది, నన్ను తింటోంది. విను. చిన్న గేరు వెనక మర వదులైంది. రోలరు ఆపి, గేరుని లోపలికి నొక్కి పట్టుకుని బిగించు.”

“ఏ గేరు, కుడిపక్కదా? బావా, నలభై సెకన్లు అయింది, నిమిషం దాటితే...”

“దాటనీరా వెధవా! ఎడమ పక్కది! బిగించాక సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యి, గట్టిగా కాదు!”

“యాభై ఐదు” అని బామ్మర్ది పెట్టేశాడు.

సాయంత్రం హోటల్ నుంచి కొత్త రికార్డు వచ్చింది. టక్, టక్, టక్, టక్. తడబాటు లేదు. మేస్త్రి చివరిదాకా విన్నాడు. యంత్రం వెనకాల ఎవరెవరో తనకు తెలియని భాషలో మాట్లాడుకుంటున్నారు, ఎవరో నవ్వారు. అక్కడ నిలబడి ఆ నవ్వు విన్నది తను కాదు.

బామ్మర్ది తిరిగొచ్చిన రోజు షెడ్డులో అందరూ భోజనాల దగ్గర వాడి చుట్టూ చేరారు. వాడు విమానం సంగతి రెండు ముక్కల్లో ముగించి బావ సంగతి ఎత్తుకున్నాడు. “ఒక్కసారి విన్నాడయ్యా! సముద్రాల అవతల మోత విని ఠక్కున చెప్పేశాడు!”

ఆ పొగడ్త మేస్త్రికి మింగుడు పడలేదు. ఓర్చుకుందామని చూశాడు, అయ్యింది కాదు. చేయి కడుక్కునే చోట బామ్మర్ది ఒంటరిగా దొరికితే అన్నాడు, “ఠక్కున కాదు. పదింటికే తెలిసింది. నాలుగు గంటలు నోరు మూసుక్కూర్చున్నాను. ప్యాకు కూడా కావాలనే వేయలేదు.”

“ఎందుకు బావా?”

“ఏడుపు. నీ మీద.”

బామ్మర్ది చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. “నాకు దిక్కు తోచక ఏడుపొచ్చింది బావా అక్కడ” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కోపం ఉంది. తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ తనే, “నేనైతే ఆ ఆరు ఫోన్లు కూడా చేసేవాణ్ణి కాదేమో. పదకొండేళ్ళుగా నీ పక్కనే నిలబడి వింటున్నాను, నీకు వినపడేది నాకు వినపడి చావదు. అదెంత మంటో నీకేం తెలుసు” అన్నాడు.

ఇద్దరూ కలిసే ఓనరు గదిలోకి వెళ్ళారు. రెండో యంత్రం సిద్ధమవుతోంది. “ఈసారి బావని పంపండి సార్” అన్నాడు బామ్మర్ది.

ఓనరు విడ్డూరం విన్నట్టు చూశాడు. “మేస్త్రినా? ఇక్కడ కూర్చునే అక్కడి మర బిగించగలడని తేలిపోయిందిగా! ఒక్క నిమిషం ఫోను ఖర్చుతో అయ్యే పనికి విమానం టిక్కెట్టెందుకు? నువ్వెళ్ళు. ఏదైనా తేడా వస్తే మేస్త్రికి వినిపించు.”

 ఫోను చవగ్గా వాడటం మేస్త్రి కంటే బాగా నేర్చుకున్నవాడు ఓనరే.

రెండో ప్రయాణం పొద్దున బామ్మర్ది పెట్టెతో వచ్చాడు. మేస్త్రి వాడి ఫోను తీసుకుని ఈసారి పది రోజుల ప్యాకు వేశాడు, పనిచేస్తోందో లేదో రెండుసార్లు చూసి చేతికిచ్చాడు. ఆటో హారన్ కొడుతోంది. భార్య తమ్ముడి సంచిలో ఏదో కుక్కుతోంది.

“సీటెక్కడ?” అన్నాడు మేస్త్రి.

“కిటికీ పక్కనే బావా.”

“ఊఁ” అన్నాడాయన. ఆటో మలుపు తిరగకముందే లోపలికి వెళ్ళిపోయి, చొక్కా వేసుకుని షెడ్డుకు బయలుదేరాడు.