సుగుణక్క పూడ్చిన సందు

పోయిన వారం మా స్కూలు సైన్సు ల్యాబులో కిటికీ అద్దం పగిలితే మార్పించాను. కొత్త అద్దం చుట్టూ సిలికాన్ పూస్తున్నప్పుడు వెనిగర్‌లాంటి పుల్లటి వాసన గదంతా కమ్ముకుంది. భవనాల మరమ్మతులు చూసే ఉద్యోగం నాది కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు బయట దుమ్ముగాలి లేచి, ఎండ ఇటుకరంగుకు తిరిగింది. ఆ వెలుగూ ఆ వాసనా ఒకేసారి తగిలేసరికి మెడ వెనక సన్నగా చలి పుట్టింది. పనివాడు నా మొహం చూసి, "ఏమైంది మేడమ్?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నా చేతికి మొదటిసారి స్క్రూడ్రైవర్ ఇచ్చిన మనిషి గుర్తొచ్చింది. ఆవిడ పేరు సుగుణ. నేను సుగుణక్కా అని పిలిచేదాన్ని.

పెళ్ళయిన కొత్తలో కాకినాడ నుంచి దోహా వచ్చి, ఊరి శివారున అల్ వుకైర్‌లో కాపురం పెట్టాము. పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు అది. పక్క వాటాలో సుగుణక్క ఒక్కతే ఉండేది. కోరుట్ల దగ్గరి పల్లెటూరి మనిషి. ఇక్కడి ఆసుపత్రిలో ఎన్నో ఏళ్ళుగా నర్సు. వార్డులో రోగులను లేపకుండా తిరిగే అలవాటేమో, నడిస్తే అడుగుల చప్పుడు ఉండేది కాదు. భర్త మల్లేశంగారు క్రేన్ ఆపరేటర్. మేము ఆ ఇంటికి రాకముందే పోయారు. పిల్లలు లేరు. ఆయన మిగిల్చి వెళ్ళిన ఒక పాత మోటార్‌హోమ్ ప్రహరీగోడ పక్కన రేకుల నీడలో ఉండేది. ఎవరో విదేశీ కుటుంబం దేశం వదిలి వెళ్తూ అమ్మితే ఆయన ముచ్చటపడి కొన్నారట. మామూలు వ్యాన్ అంతే ఉంటుంది. లోపలే మంచం, పొయ్యి, సింకు, ఎదురెదురుగా రెండు బెంచీలు, ఆ చివర చిన్న ఫ్రిజ్. బెంచీల మధ్య దారి ఎంత ఇరుకంటే, ఒకరు కూర్చుని ఉంటే రెండోవాళ్ళు వెళ్ళడానికి కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు ముడుచుకోవాలి.

ఆ చలికాలం దోహాలో వాన పడింది. నేను గుమ్మంలో నిలబడి వాన చూస్తుంటే సుగుణక్క వ్యాన్ తలుపులోంచి తల బయటపెట్టి, "ఏయ్ పిల్లా, ఖాళీగనే ఉన్నవ్ గద. గీ టార్చి వట్టుకో, రా" అంది. అదే మా తొలి పరిచయం. లోపల మంచం పక్క గోడ మీద నీటిచార దిగుతోంది. నేను సరిగ్గా దాని పైన ఉన్న కప్పు మీద వెలుగు వేశాను. ఆవిడ నవ్వింది. "ఆడ కాదు. నీళ్ళు ఏడికెల్లో జొచ్చి ఈడ తేలినయ్" అని నా చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టింది. "ఒత్తుకుంట పో. ఏడ మెత్తగ లోపలికి పోతదో ఆడ చెక్క కుళ్ళినట్టు." ఒత్తుకుంటూ వెళ్తే ముందరి కిటికీ మూలలో నా వేళ్ళు రొట్టెలోకి దిగినట్టు దిగాయి. బయటికి నునుపుగా, తెల్లగా కనిపిస్తున్న గోడ లోపల ఏమీ లేదు.

తర్వాత ఆ మూల విప్పి, కుళ్ళిన చెక్క తీసి, కొత్తది కోసి అమర్చాము. సనయ్యలో, అంటే ఇక్కడి గ్యారేజీలన్నీ ఉండే పేటలో, తిరిగి తిరిగి కిటికీ రబ్బరు తెచ్చాము. అంతకుముందు ఇంట్లో బల్బు మార్చాలన్నా మావారు వచ్చేదాకా చీకట్లో కూర్చునేదాన్ని. అలాంటిదాన్ని నీటి మోటారు విప్పి, కడిగి, మళ్ళీ బిగించడం నేర్చుకున్నాను. "ఆయన ఉన్నప్పుడు నేను ఈ బండిని ముట్టలే. పోయినంక నేర్చుకున్న. ఊకె కూసుంటే పిచ్చిలేస్తదని" అంది ఒకసారి. భర్త గురించి అంతకు మించి చెప్పేది కాదు. నేనూ అడగలేదు. ఆయన ఫోటో కూడా నేను చూడలేదు.

ఒక సంగతి మాత్రం నాకు వింతగా ఉండేది. నేను వ్యాన్‌లోకి వెళ్తే సుగుణక్క ముందుగా తలుపూ కిటికీలూ బార్లా తెరిచేది. ఫ్రిజ్ ఆపేసేది. అదే తను ఒక్కతే ఉన్నప్పుడు అన్నీ మూసుకుని కూర్చునేది. ఆ ఫ్రిజ్ కరెంటుతోనూ నడుస్తుంది, గ్యాస్‌తోనూ నడుస్తుంది. ఇంటి నుంచి కరెంటు తీగ లాక్కునే వీలు పక్కనే ఉన్నా, దాన్ని గ్యాస్ మీదే పెట్టేది. వెనక ఎక్కడో చిన్న మంట వెలుగుతున్నట్టు బుసబుస చప్పుడు వచ్చేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పులిహోర గిన్నెతో వెళ్ళాను. తలుపు కొట్టబోయి, లోపల మాటలు వినపడి ఆగాను. కిటికీ అద్దంలోంచి చూశాను. సుగుణక్క బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదుటి బెంచీ వైపు చూస్తూ ఏదో అంది. కాసేపు ఆగి, తల ఊపి, నవ్వింది. ఫోన్‌లో మాట్లాడుతోందేమో అనుకున్నాను. ఫోన్ లేదు. అంతలో ఆవిడ మాట ఆపి, మోకాళ్ళు పక్కకు ముడుచుకుంది. ఆ ఇరుకు దారిలో ఎవరో పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి దారి ఇచ్చినట్టు. తల తిప్పి ఆ వెళ్తున్న మనిషిని చూసింది. అక్కడ ఎవరూ లేరు. నేను చప్పుడు చెయ్యకుండా ఇంటికి వచ్చేశాను. గిన్నె మూత మీద నా చేతి చెమట అంటుకుని ఉంది.

చలికాలం చివర్లో మావారు ఆఫీసు పని మీద మస్కట్ వెళ్ళారు. సుగుణక్క ఆ వ్యాన్‌లో ఎడారి దాటి జెక్రీత్ తీరం వైపు వెళ్తోందని తెలిసి, నన్నూ తీసుకెళ్ళమని అడిగాను. "వద్దు, ఇంకోపారి" అంది. అంతకుముందు కూడా అలాగే తప్పించుకుంది. ఈసారి నేను వదల్లేదు. చివరికి, "సరే, యల్లా, నడువ్, ఎక్కు" అంది, మనసులేనట్టు.

జెక్రీత్‌లో గాలి కోసిన తెల్లటి రాతిగుట్టలు, వాటి వెనక పల్చటి సముద్రం. చుట్టుపక్కల మనిషి లేడు. మధ్యాహ్నం భోజనానికి చెంచాల కోసం సొరుగు తెరిస్తే, తెల్లటి గుండ్రని పరికరం ఒకటి కనిపించింది. దాని బ్యాటరీ విడిగా పక్కనే ఉంది. "ఇదేంటక్కా?" అన్నాను. "విషగాలి వస్తే మొత్తుకునేది. ఊకె మొత్తుకుంటదని తీసిన" అంది, చేతిలోంచి లాక్కుని సొరుగు మూస్తూ.

భోజనాలయ్యాక ఉత్తరపు గాలి లేచింది. చూస్తుండగానే గుట్టలు మాయమయ్యాయి. ఇసుక వ్యాన్ రేకును గీరుతోంది. సుగుణక్క కిటికీలన్నీ బిగించింది. ఫ్రిజ్ ఉన్న చివరకు వెళ్ళి వంగి ఏదో చేసి వచ్చి కూర్చుంది. బుసబుస చప్పుడు మొదలైంది. లోపలి వెలుగు ఎర్రటి మట్టినీళ్ళలా ఉంది. ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చున్నాము. కాసేపటికి నుదుటి దగ్గర ఎవరో గుడ్డ బిగించి కట్టినట్టయింది. కునుకు పడుతోంది, కానీ నిద్ర కాదు.

అప్పుడు మంచం వైపు నుంచి ఎవరో దగ్గారు. గట్టి దగ్గు కాదు. గొంతులో ఏదో తడిగా అడ్డుపడి, దాన్ని కదిపి, మళ్ళీ మింగినట్టు. చివర సన్నటి ఈల. ఒకసారి ఆగి, మళ్ళీ. నాకు భయం వెయ్యలేదు. ఇప్పటికీ నన్ను వణికించేది అదే. ఎవరో లేచి వస్తున్నారనిపించింది. దారిలో కాళ్ళు ఉన్నాయి కదా అనుకుని, మర్యాదగా, మోకాళ్ళు ముడుచుకున్నాను. నా చీర కుచ్చిళ్ళు ఏదో రాసుకుని వెళ్ళినట్టు కదిలాయి.

తల ఎత్తేసరికి సుగుణక్క నా మోకాళ్ళనే చూస్తోంది.

"ఏం విన్నవ్?" అంది.

"ఎవరో దగ్గారక్కా," అన్నాను. నా మాట నాకే దూరంగా వినపడింది.

ఆవిడ మొహంలో రక్తం లేదు. ఒక్క ఉదుటున లేచి, తలుపు తోసి, నన్ను చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చింది. దుమ్ములో చక్రం పక్కన కూలబడి వాంతి చేసుకున్నాను. తన చున్నీ నా ముక్కుకు చుట్టి, నాడి పట్టుకుని, కనురెప్పలు ఎత్తి చూసింది. "ఊపిరి తీస్కో. గట్టిగ తీస్కో. నాతోటి మాట్లాడు వాణీ, మీ ఊరి పేరు చెప్పు" అని అరుస్తోంది. లోపలికి వెళ్ళి గ్యాస్ కట్టేసి, కిటికీలన్నీ తీసింది. గాలి తగ్గేదాకా నన్ను లోపలికి రానివ్వలేదు. ఊళ్ళోకి వచ్చేదాకా అద్దాలన్నీ దించే నడిపింది. నన్ను తిన్నగా తన ఆసుపత్రికే తీసుకెళ్ళి, విషగాలి ఎంత ఎక్కిందో రక్తపరీక్ష చేయించి, డాక్టర్ పంపించేదాకా మంచం పక్కనే నిలబడింది.

ఆ వారం సెలవురోజున పొద్దున్నే తనే వచ్చి పిలిచింది. "బండి రిపేరుంది. నువ్వొచ్చి చూడాలె." ఇద్దరం కలిసి ఫ్రిజ్‌ను ముందుకు లాగాము. వెనక గోడంతా నల్లటి మసి. పొగగొట్టం అతుకు ఊడి పక్కకు ఒరిగి ఉంది. పొగ లోపలికి రాకుండా ఫ్రిజ్ చుట్టూ ఉండాల్సిన రబ్బరు పొడిపొడిగా రాలింది. చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళు పట్టేంత సందు.

"ఎప్పటి నుంచి ఉందక్కా ఇది?"

ఆవిడ మసిని గుడ్డతో తుడుస్తూనే చెప్పింది. "నాకెర్క వాణీ. రెండు చలికాలాల సంది ఎర్క. నేను నర్సును. తలనొప్పి ఎందుకొస్తదో, లేని మనుషులు ఎందుకు కనవడ్తున్నరో, అది విషగాలి పనేనని నాకు తెల్వదా? ఆయన ఇంట్ల రాడు. ఊర్ల రాడు. ఈ సందుల నుంచే వస్తుండె. దీన్ని మూస్తే ఇగ రాడని మూయలే."

"నేను ఉన్నప్పుడు ఎందుకు వెలిగించావు?"

గుడ్డ ఆగిపోయింది. "గాలి మొదలైనంక పానం ఆగలే. కొద్దిసేపే అనుకున్న. నువ్వున్నది యాదిలేదు. నన్ను మన్నించు."

నాకు కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకుని తలుపు దాకా వెళ్ళాను కూడా. నేను చచ్చిపోయి ఉంటే, అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆవిడ తల ఎత్తలేదు. నన్ను ఆపనూ లేదు. మసి గుడ్డ పక్కన పెట్టి, "ఒక్కటి అడుగుతా. ఆ దగ్గు ఎట్లుండె? ఒక్కపారి చేసి చూపి" అంది.

నేను ఆ గడప మీదే నిలబడి చేసి చూపించాను. తడిగా అడ్డుపడటం, మింగటం, చివర సన్నటి ఈల. సుగుణక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత చేతులు దించి చెప్పింది. "నాకు వచ్చే మనిషి దగ్గడు వాణీ. నాకు మంచిగున్నప్పటి మనిషే వస్తడు. ముచ్చట వెడ్తడు, నవ్వుతడు. ఈ దగ్గు ఆఖరి నెలలది. గొంతుకు ఆపరేషన్ అయినంక. ఆసుపత్రి గదిల ఆయన దగ్గర నేనొక్కదాన్నే ఉన్న. ఎవ్వలికి చెప్పలే." నా కళ్ళలోకి చూసింది. "నాకైతే విషగాలి అనుకుందాం. నువ్వు ఆయన్ని చూడనే లేదు. మరి నీకెట్ల వినవడ్డది?"

ఇద్దరమూ ఆ నల్లటి సందు వైపు చూశాము. పొద్దుటి ఎండ వెనక గోడకున్న గాలిజాలీలోంచి దాని మీద పడుతోంది. ఆ క్షణంలో ఆవిడ పని ఆపేస్తుందనుకున్నాను. ఆపినా నేను కాదనలేకపోయేదాన్ని.

సుగుణక్క వేడికి తట్టుకునే ఎర్ర సిలికాన్ ట్యూబు తీసి కొస కోసింది. పుల్లటి వాసన వ్యాన్‌లో నిండింది. "ఉంటే ఉండనీ. లేకుంటే లేదు. ఇంకోపారి నీకు మాత్రం వినవడొద్దు," అంది. అతుకు సరిచేసి, కొత్త రబ్బరు పెట్టి, అంచు పొడవునా సిలికాన్ పూసి, వేలితో నునుపు చేసుకుంటూ వెళ్ళింది. ఒక్కచోట, అడుగున, వేలు చాలాసేపు ఆగింది. తర్వాత అదీ మూసేసింది. నేను టార్చి పట్టుకున్నాను.

మర్నాడు పూత గట్టిపడ్డాక, ఆ తెల్లటి పరికరంలో బ్యాటరీ వేసి గోడకు బిగించింది. నన్ను బయటే ఉండమని, తను లోపల కూర్చుని, కిటికీలు మూసి, ఫ్రిజ్ వెలిగించింది. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. పరికరం మోగలేదు. సుగుణక్క మోకాళ్ళు ముడుచుకుని, ఎదుటి బెంచీని చూస్తూ చాలాసేపు కూర్చుంది. పెదవులు కదల్లేదు. చివరికి మెల్లగా కాళ్ళు చాపింది. దారికి అడ్డంగా, ఎదుటి బెంచీ మీద పాదాలు ఆనించింది. అలా చాపుకుని ఏడ్చింది.

తర్వాత చాలాసార్లు మేమిద్దరం ఆ బండిలో సముద్రానికి వెళ్ళాము. తలుపులు మూసుకుని, నిశ్చింతగా పడుకున్నాము. నేను స్కూల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది ఆవిడ పోరు పడలేకే. ఇప్పుడు ఎవరైనా ఏదో గదిలో తేడాగా ఉందనీ, ఎవరో ఉన్నట్టుందనీ చెబితే నేను నవ్వను. ముందు కిటికీలు తెరుస్తాను, తర్వాత గోడలు తడుముతాను. చాలాసార్లు ఏదో ఒక కారణం దొరుకుతుంది. దొరకనప్పుడు, మూయాల్సినవి మూసి వస్తాను.

ఉద్యోగం ముగిశాక సుగుణక్క బండి అమ్మేసి కోరుట్ల వెళ్ళిపోయింది. పోయిన ఏడాది అక్కడే, నిద్రలో పోయింది. ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. మల్లేశంగారిని నేను ఒక్కసారీ చూడలేదు. ఆయన మొహం నాకు తెలియదు. కానీ ఆఖరి నెలల్లో ఆయన ఎలా దగ్గేవారో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు నేనొక్కదాన్నే.