నూనె పోసిన వెనిగర్

ఎనభైల మొదట్లో కార్ల కంపెనీ నన్ను లే ఆఫ్ చేసింది. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధిలో పగలు ఇంట్లో ఉండే మగవాళ్ళం ఇద్దరమే మిగిలాం: నేను, పక్కింటి రిటైరైన అమెరికన్ ముసలాయన. నా భార్య నర్సు. ఆమె తెల్ల యూనిఫాం వేసుకుని డ్యూటీకి బయల్దేరుతుంటే నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీదో నాకే తెలిసేది కాదు.

సెప్టెంబరులో ముసలాయన మిల్లులో ఆడించిన ఆపిల్ రసం ఒక పెద్ద జగ్గుతో తెచ్చిచ్చాడు. తన తల్లి దాంతోనే ఇంట్లో వెనిగర్ చేసేదట. "ఏమీ చేయక్కర్లేదు, వదిలేస్తే అదే అవుతుంది" అన్నాడు. ఇంజినీరునై ఉండి ఆపాటి చేయలేనా అనుకున్నాను. చేయలేకపోయాను.

మొదటిసారి కాచాను. మా ఇళ్ళలో పాలైనా నీళ్ళైనా కాచకుండా ఎవరం ముట్టం. పచ్చి రసాన్ని అలా వదిలేయడానికి నాకు చేతులు రాలేదు. కాచి, చల్లార్చి, మూత బిగించి పెడితే చచ్చినా పులవలేదు. మూడు వారాలకి పచ్చటి బూజు మాత్రం పట్టింది. రసాన్ని పులియబెట్టే జీవులన్నిటినీ పొయ్యి మీద నేనే చంపేశానని లైబ్రరీ పుస్తకం చూశాక తెలిసింది.

మిల్లు నుంచి తెచ్చుకున్న రెండో జగ్గు కాచలేదు. బుడగలొచ్చాయి, ఘాటు వాసనొచ్చింది. అంతా బాగుందనుకునేసరికి బూజు భయం పట్టుకుంది. ఆవకాయ జాడీలో ముక్క మునిగేలా నూనె తేలకపోతే బూజు పడుతుందని మా అమ్మ ఏటా చెప్పేది. ఇంకేం, వేలెడు మందాన నువ్వుల నూనె పోసి, పైన బట్టతో వాసెన కట్టి, బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నవంబరులో చర్చివాళ్ళ కుటుంబ ప్రార్థన మా ఇంటి వంతు వచ్చింది. హాలు చాలక బేస్‌మెంట్‌లో జంపఖానాలు పరిచాం. ఆ మధ్యాహ్నమే నేను జగ్గులోంచి కాస్త గ్లాసులోకి తీసి రుచి చూశాను. పులుపు లేదు, నాలుక చురుక్కుమంది. ఆ గ్లాసు అక్కడే మర్చిపోయాను. పాట మధ్యలో మా తెలుగు సంఘపెద్ద ముక్కు ఎగబీల్చాడు. ఆమెన్ అనగానే లేచి వెళ్ళి గ్లాసు పట్టుకొచ్చాడు.

"బ్రదర్, జాబ్ పోయినప్పుడు ఇలాంటి శోధనలు వస్తాయి. ప్రేయర్ చేద్దాం" అన్నాడు.

"అయ్యో, అది వెనిగరండీ!"

"వెనిగర్‌లో నూనె ఎందుకు బ్రదర్?"

ఇరవై మంది కళ్ళు మూసుకుని నా కోసం ప్రార్థన చేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్ళ మాట అటుంచండి, నా భార్య ముఖం పాలిపోయింది. మా మామగారు తాగి తాగి పోయారు. పెళ్ళికి ముందు ఆమె నన్ను కోరింది ఒక్కటే, మన ఇంట్లోకి మందు రాకూడదని. నేను జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాదు.

అందరూ వెళ్ళాక అడిగింది. "నిజం చెప్పండి. తాగుతున్నారా?"

"ఛీ! నీక్కూడా అనుమానమేనా?"

"అనుమానం కాదండీ. భయం."

మర్నాడు జగ్గు చూసి ముసలాయన కంచె పట్టుకుని మరీ నవ్వాడు. రసం ముందు సారాయి అవుతుంది, గాలి తగిలితేనే ఆ సారాయి పులిసి వెనిగర్ అవుతుంది, నువ్వేమో నూనె పోసి దాని ఊపిరి ఆపేశావు అన్నాడు. మొత్తం పారబోశాను. అసలైన వెనిగర్ తీసుకెళ్ళి ఆ సంఘపెద్ద ముందు పెట్టేదాకా చర్చి మెట్టెక్కనని శపథం చేశాను. "మీ ఇష్టం" అంది నా భార్య. ప్రతి ఆదివారం ఒక్కతే డ్రైవ్ చేసుకుని వెళ్ళేది.

ఆ సీజన్‌లో మిల్లు మూసేముందు అమ్మిన ఆఖరి జగ్గుల్లో ఒకటి తెచ్చాను. ఈసారి వెడల్పు మూతి జాడీలో పోసి, పల్చటి గుడ్డ కట్టి, రోజూ కాపలా కాశాను. జనవరిలో పైన జిగట జిగటగా తెల్లటి పొర కట్టింది. మళ్ళీ బూజే! కోపంతో జాడీ ఎత్తి సింకు దాకా తీసుకెళ్ళాను. నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగండి. ముందు ఆయన్ని అడిగి రండి."

వెళ్ళి అడిగాను. వెనిగర్‌ని తయారుచేసేదే ఆ పొర అట. తిరిగొచ్చి జాడీని మళ్ళీ దాని చోట పెట్టాను. మార్చి ఆఖరుకి మూతి దగ్గర ముక్కు పెడితే తుమ్మొచ్చింది. వంటింట్లో ఒక్కణ్ణే గెంతాను.

ఈస్టర్ నాడు ఆ వెనిగర్‌లో ఊరవేసిన ఉల్లిపాయ ముక్కలు సీసాడు పట్టుకుని చర్చికి వెళ్ళాను. భోజనాల దగ్గర పెద్దాయన భార్య ఒక ముక్క నోట్లో వేసుకుని, నా భార్య భుజం తట్టింది. "ఇదేనా అమ్మా నీ వెనిగర్? మొత్తానికి సాధించావు. ఇంక సండే స్కూల్ మళ్ళీ నువ్వే తీసుకోవచ్చులే."

"తన వెనిగర్ ఏంటండీ?" అన్నాను.

పెద్దాయన భార్యే చెప్పింది. ప్రార్థన జరిగిన మరుసటి ఆదివారమే నా భార్య అందరిముందూ లేచి, ఆ జగ్గూ గ్లాసూ తనవేనని, మా ఆయనకేమీ తెలియదని చెప్పిందట. సంగతి తేలేదాకా సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పొద్దన్నారట. తండ్రి పోలిక ఎక్కడికి పోతుందని ఎవరో అన్నారట కూడా. నేను పంతం పట్టి ఇంట్లో కూర్చున్న ఆ నెలలన్నీ ఆమె వెనక బెంచీలో ఒక్కతే కూర్చుంది.

"ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"నాకు జాబ్ ఉంది. ఒక మాట పడితే నాకేం కాదు. మీకు అప్పటికే పోయిందిగా."

నా మీద నాకే అసహ్యం వేసింది. ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. "ఆ జగ్గు నాది. గ్లాసు నాది. నూనె పోసిన వెధవనీ నేనే" అన్నాను, చివరి బల్ల దాకా వినపడేలా.

పెద్దాయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "సారీ బ్రదర్..."

"నాక్కాదండీ" అన్నాను. "ఆమెకి చెప్పండి. ఆ రోజులాగే, అందరిముందూ."