పగలు నిద్రపోయే ఇల్లు

మా పైవాటాలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు కుర్చీని ఎత్తి జరపరు, ఈడుస్తారు. పొద్దున వంట వేళకు నాపరాయి మీద ఇనుప కాళ్ళు కీచుమంటాయి. నా పళ్ళు జివ్వుమంటాయి. చేతిలోని గరిటె చప్పుడు కాకుండా గట్టు మీదికి దిగుతుంది. ఇప్పుడు మా ఇంట్లో పగలు పడుకునేవాళ్ళెవరూ లేరు. మా ఆయన పగటి డ్యూటీకి మారి చాలా ఏళ్ళయింది. అయినా ఆ చప్పుడు వింటే నాకు ఖైరున్ ఆపా గుర్తుకొస్తుంది. ఆమె గనక ఈ వీధిలో ఉంటే ఈపాటికి మెట్లెక్కి పైకి పోయి, వాళ్ళ కుర్చీల కాళ్ళకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగి, వాళ్ళ చేతనే టీ పెట్టించుకుని తాగి వచ్చేది.

ఆమెను ఎరగనివాళ్ళకు ముందు మేమున్న కాలనీ సంగతి చెప్పాలి. రెండు వేల మూడు ప్రాంతంలో పెళ్ళయి నేను పాల్వంచకు వచ్చాను. మా ఆయన శ్రీనివాస్ అక్కడ కరెంటు తయారయ్యే చోట కంట్రోల్ రూంలో ఆపరేటరు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ కాలనీలో మగవాళ్ళందరివీ షిఫ్టులే కాబట్టి ఏ వేళప్పుడు చూసినా కొన్ని ఇళ్ళలో ఎవరో ఒకరు నిద్రలో ఉండేవారు. నేనేమో పెనుబల్లి దగ్గరి రైతు కుటుంబంలో పుట్టాను. పగటి నిద్ర పనికి చేటని తిట్టే ఇల్లు మాది. మధ్యాహ్నం మంచమెక్కిన మనిషిని చూస్తే, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టి చూసేవాళ్ళం. అందువల్ల కాపురానికి వస్తూ నేను చాలా ఊహలు తెచ్చుకున్నాను గానీ, వాటిలో పగలు పడుకునే మొగుడు లేడు.

ఊహలన్నీ వారపత్రికల్లో గదుల బొమ్మలు చూసి పెంచుకున్నవి. చేతిలో ఉన్నది కొంచెం, కోరిక బోలెడు. ఖమ్మం బజారులో ఎర్ర పూల నైలాన్ తివాచీ, బంగారు జరీ అంచున్న జాలీ కర్టెన్లు, గాజు పలక టీపాయి కొన్నాను. గాలికి గలగలలాడే ఇత్తడి గొట్టాల గంటల గుత్తి ఒకటి వరండాలో వేలాడదీశాను. గాలి బాగా వస్తుందని తూర్పు గదిలో కిటికీ కింద మంచం వేయించాను. అన్నీ అమర్చాక గడపలో నిలబడి చూసుకుంటే, పత్రికవాళ్ళు ఫోటో తీసుకోవడానికి ఎందుకు రాలేదో అర్థం కాలేదు.

పక్క క్వార్టరులో ఉండే ఖైరున్ ఆపా ఒకరోజు పొద్దున చూడడానికి వచ్చింది. మా ఆయన అప్పుడే రాత్రి డ్యూటీ దిగి, టిఫిన్ తిని, బజారు పనికి పోయాడు. ఆపా పొడుగాటి మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. కాళ్ళకు పట్టీలుండవు, చేతికి ఒక్కో గాజు. లోపలికి వచ్చింది కూడా తెలియలేదు. తివాచీని బొటనవేలితో నొక్కి చూసింది. టీపాయి మీద గ్లాసు పెట్టి, అది టక్కుమంటే మళ్ళీ తీసి చేతిలోనే ఉంచుకుంది. గంటల గుత్తి వైపు మాత్రం కాసేపు చూసింది.

"మంచిగనే పెట్టినవ్," అంది. "మరి నీ ఇంట్ల పగలు ఎవరు పండుకుంటరు?"

"పగలెవరు పడుకుంటారు ఆపా? ఇదేమన్నా దవాఖానా?" అన్నాను. నా జోకుకు నేనే నవ్వాను.

ఆమె నవ్వలేదు. "నీ పెనిమిటి రాత్రి ప్యానెల్ ముంగట కూసొని నిద్రపోయిండు. మా ఆయన జూసి భుజం తట్టి లేపిండు. ఎవ్వరికి చెప్పలే. గని ఇంకోసారి అయితే దాసిపెట్టుడు ఆయనతోని గాదు. కాయితం పైకి పోతది. పర్మినెంటు గాని మనిషిని ఎవరు ఉంచుకుంటరు చెప్పు?"

ఆమె భర్త సలీం భాయ్ మా ఆయన షిఫ్టులోనే సీనియరు. నాకు ముందు కోపం వచ్చింది. నా మొగుడి సంగతి నాకంటే ముందు పక్కింటికి తెలిసినందుకు. తర్వాత భయం వేసింది. ఆయన బజారు నుంచి రాగానే నిలదీశాను.

"పగలు నిద్ర పట్టడం లేదని నాకెందుకు చెప్పలేదు?"

ఆయన సంచి కింద పెట్టి, కిటికీ వైపు చూశాడు. "నువ్వంత ఇష్టంగ కట్టుకున్న కర్టెన్లు. ఎట్ల తీసెయ్యమంట?"

ఈ మాటకు మురిసిపోవాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఒక వారమంతా ఆ మనిషి కళ్ళు మూసుకుని మంచం మీద ఊరికే పడుకున్నాడు. నేను నిద్రపోతున్నాడనుకుని పక్క గదిలో టీవీ చూశాను.

ఆయన సెలవు రోజున, ఇంట్లో లేని వేళ చూసి, ఆపా మళ్ళీ వచ్చింది. నేరుగా తూర్పు గదిలోకి పోయి మా మంచమెక్కి కళ్ళు మూసుకుంది. నాకు సిగ్గేసింది. కొత్త కాపురం మంచం కదా.

"నువ్వు గూడ పండుకో."

"నేనా?"

"మరి నీకు గాక ఎవ్వరికి నేర్పాలె? జల్దీ రా."

పక్కన పడుకున్నాను. జాలీ కర్టెన్ల గుండా వచ్చిన ఎండ నేరుగా మొహాన కొట్టింది. రెప్పలు మూసినా ఎర్రగానే ఉంది. బయట స్కూలు బస్సు హారన్ మోగింది. వరండాలో నా గంటలు గలగలమన్నాయి. నైలాన్ తివాచీలో పట్టిన దుమ్ముకు ముక్కు దురద పెట్టింది. ఒక పది నిమిషాలు ఓర్చుకుని లేచి కూర్చున్నాను.

"నిలబడి జూస్తే ఇల్లు ఎవ్వరికైన మంచిగనే కనబడ్తది," అంది ఆపా, కళ్ళు తెరవకుండానే. "గిట్ల పండుకొని జూడాలె."

ఆ రోజే ఇల్లంతా తారుమారు చేయించింది. వీధివైపు ముందు గది పడమటిది, పొద్దున ఎండ పడదు. మంచం అక్కడికి వచ్చింది. టీవీ, కుర్చీలు వెనక తూర్పు గదిలోకి పోయాయి. నా గంటల గుత్తి దిగి పెట్టెలోకి పోయింది. ఇక వచ్చేవాళ్ళు వంటింటి తలుపు నుంచి రావాలి. మా అత్తగారు చూస్తే ఏమంటుందోనని నేను గోల పెట్టాను. "మీ అత్త వొచ్చిననాడు అటే రమ్మను. కూర గిన్నె ముంగటనే కనబడ్తది, సంబురపడ్తది," అని కొట్టిపారేసింది.

నేను మొండికేసింది కర్టెన్ల దగ్గర. మందపాటి నల్లగుడ్డ కట్టి ఇంటిని గోదాము చేసుకోలేనన్నాను. ఆపా నా చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. నేను లోపలికి పోయి చూడడం అదే మొదటిసారి. ముదురు నీలం పరదాలకు లోపలి వైపు తెల్ల అస్తరు. నేల మీద నీలం తెలుపు చారల నూలు జంపఖానాలు, వాటి కింద పాత దుప్పట్లు మెత్తగా పరచి ఉన్నాయి. ఎత్తు తక్కువ దివాను, దాని మీద బూరుగు దూది దిండ్లు, వెదురు బుట్టలో మడిచిన బట్టలు. ఆ ఇంట్లో కొన్నవి తక్కువ, కుట్టినవి ఎక్కువ. నా పత్రికల్లోని గదులు గుర్తొచ్చి, వాటి మీద మొదటిసారి అనుమానం కలిగింది.

"అందం ఒద్దని ఎవరన్నరు?" అంది ఆపా, కొంచెం గర్వంగానే. తన ఇంటిని ఎవరైనా మెచ్చుకుంటే ఆమె వద్దనేది కాదు.

ఖమ్మంలో ఆమె తమ్ముడిది గుడ్డల దుకాణం. అక్కను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. అది మర్యాదా, భయమా చెప్పడం కష్టం. ఆపా చెప్పులు విడిచి ఒక్కో జంపఖానా మీద నిలబడి చూసేది. నడుముకున్న తాళాల గుత్తి తీసి దాని మీద పడేసేది. గల్లుమంటే వద్దనేది, మెత్తగా పడితే ఉంచేది. పరదా గుడ్డను ట్యూబులైటు ముందు పట్టుకుని, అటువైపు నన్ను నిలబెట్టి, "నేను కనబడ్తున్ననా?" అని అడిగేది. కనబడుతోందంటే ఆ తాను వెనక్కి పోయేది.

"అక్కా, పెద్ద పెద్ద ఆఫీసర్లు గూడ గింత జూడరు," అన్నాడు తమ్ముడు, ఏడుపు గొంతుతో.

"వాళ్ళు రాత్రిపూట పంటరు. వాళ్ళకేం ఫికర్?"

నా ఎర్ర తివాచీని ఆయనకే అంటగట్టి, దానికి బదులు రెండు జంపఖానాలు, తాన్ల చివర మిగిలిన ముక్కలు తీసుకుంది. ఆ ముక్కలు కలిపి పరదాలు కుట్టుకున్నాం. ఆకుపచ్చ నేనే ఎంచుకున్నాను. నీలమే కావాలని ఆమె రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఒక్క విషయంలో మాత్రం ఆపా లెక్క తప్పింది. బూర్గంపాడు వైపు సంతలో అడవి పల్లెల వాళ్ళు వెదురు తెరలు అమ్మేవారు. ఒకటి కొని మా వరండాకు కట్టింది. మొదటి రాత్రే గాలికి అది గోడను టపటపా బాదింది. నా గంటల గుత్తే నయమన్నాను. "గాలిది తప్పు," అంది ఆపా. మర్నాడు పొద్దున్నే వచ్చి, తెర అంచుకు ఇసుక నింపిన గుడ్డ గొట్టం కుట్టి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది.

ఆ వారం మా ఆయన రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. నేను వంటింట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక పరదా పక్కకు జరిపి, జుట్టు చెదిరి, బయటికి వచ్చాడు. "వాన పడుతుందా ఏంది, గింత చీకటైంది?" అన్నాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది. నాకు ఏడుపొచ్చింది. అన్నం పెడుతున్న వంకతో అటు తిరిగాను. మరుసటి ఏడాది ఆయన ఉద్యోగం పర్మినెంటయింది.

పని ఫలించింది గదా, ఇక నాకు పూనకం వచ్చింది. పట్టీలు తీసేశాను. గిన్నెల కింద గుడ్డలు పరిచాను. కూరగాయలమ్మే ఆమెను గేటు బయటే సైగలతో బేరమాడాను. అప్పుడు నాకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ ఆడుకునే చప్పుడు వినబడకూడదని తూర్పు గదికి కూడా జంపఖానాలు కుడుతున్నాను. ఆపా వచ్చి చూసి సూది లాక్కుంది.

"గీ అర్ర ఒట్టిగనే ఉండనియ్యి," అంది.

"చప్పుడవుతుంది గదా ఆపా."

"కానియ్యి."

నాకు అర్థం కాలేదు. ఆమె పిల్లలిద్దరూ ఖమ్మంలో చదువుకునేవారు. సెలవులకు వస్తే ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు. అంత పద్ధతిగల పిల్లల్ని నేను చూడలేదు. ఆ మాటే అన్నాను.

ఆపా కాసేపు సూదిలో దారం తీస్తూ, ఎక్కిస్తూ కూర్చుంది. "మా షబానా నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటది, జూసినవా? దోస్తులు అడిగిన్రట, పండ్లు మంచిగనే ఉన్నయి గద, ఎందుకు దాసుకుంటవని. పండ్ల కోసం గాదమ్మా. నిద్రల ఉన్న వాళ్ళ అబ్బా లేస్తడని. నేనే నేర్పిన. మా ఇంట్ల అన్ని అర్రలు మెత్తగ జేసిన. ఒక్క అర్ర ఒదిలిపెట్టకపోతి." తర్వాత సూది నా చేతికిచ్చింది. "ఆయన అలవాటు పడ్తడు. గోడ అవతల బిడ్డ ఆడితే మనిషి సచ్చిపోడు."

నేను కుట్టిందంతా విప్పేశాను. మా అమ్మాయి ఆ గదిలో, ఒట్టి గచ్చు మీద, గిన్నెలు మోగించుకుంటూ పెరిగింది. వాళ్ళ నాన్న మొదట్లో లేచి విసుక్కున్నాడు, తర్వాత నిజంగానే అలవాటు పడ్డాడు.

అమ్మాయికి నాలుగేళ్ళు నిండాక సలీం భాయ్ రిటైరయ్యాడు. వాళ్ళు ఖమ్మం వెళ్ళిపోతున్నారు. సాయం చేద్దామని పోతే, పరదాలన్నీ దించేసి ఉన్నాయి. జంపఖానాలు చుట్టి మూల నిలబెట్టారు. ఆ ఇంట్లో అంత ఎండ నేనెప్పుడూ చూడలేదు. గోడల మీద పాత మేకుల గుంతలన్నీ కనబడుతున్నాయి. షబానా పుస్తకాలు కడుతోంది, సలీం భాయ్ మంచం విప్పుతున్నాడు. ముగ్గురూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు, నిద్రపోయేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

నేను ఎత్తుకున్న మా అమ్మాయిని ఆపా తీసుకుని కిందికి దింపింది. "ఉరుకు బిడ్డా," అంది.

అది నా మొహం చూసింది.

"మీ అమ్మను జూడకు. ఈ అర్రల నుంచి ఆ అర్రలకు ఉరుకు. ఒర్లుకుంట ఉరుకు."

దానికి అంతకంటే ఏం కావాలి? అరుచుకుంటూ ఉరికింది. ఖాళీ గదులు ఆ అరుపును రెండింతలు చేశాయి. సలీం భాయ్ చేతిలోని బోల్టు జారి గచ్చు మీద ఖంగుమంది. ఆయన ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ పడక గది వైపు చూశాడు. అక్కడ పడుకోవలసిన మనిషి తనే. అది చూసి షబానాకు నవ్వు వచ్చింది, చెయ్యి నోటి దాకా పోయింది. ఆపా గబగబా గది దాటి పోయి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. విడిచిపెట్టలేదు. షబానా నవ్వు ఎట్లా ఉంటుందో నేను ఆ రోజు విన్నాను. పెద్ద నవ్వు. తల్లి ఆ చెయ్యి అట్లాగే పట్టుకుని, కూతురి మొహంలోకి చూస్తూ ఏడ్చింది.

ఆ తర్వాత మేము కాలనీ వదిలాం. రెండు ఇళ్ళు మారాం. ఏ ఇంటికి పోయినా ముందు నేల మీద పడుకుని చూస్తాను. చూసేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. పెద్ద డబ్బు పెట్టి ఏదీ కొనలేదు, అయినా మా ఇల్లు బాగుంటుందనే అంటారు. అది వచ్చినవాళ్ళు కూర్చుని చూసి అనే మాట. మా అమ్మాయి ఫోనులో మాట్లాడితే మూడిళ్ళకు వినబడుతుంది. నవ్విందంటే ఇక చెప్పనక్కర్లేదు. కాస్త మెల్లగా అని వాళ్ళ నాన్న అప్పుడప్పుడు అంటాడు. నేను మాత్రం ఇంతవరకు ఒక్కసారీ అనలేదు.