తొట్టి నిండాకే పిలుపు

నా చిన్నప్పుడు మా అవ్వకు రెండు పిలుపులు ఉండేవి. ఒకటి మందను దగ్గరికి చేర్చే పిలుపు. అది ఎవరికైనా పట్టుబడుతుంది, నాకూ వచ్చేది. రెండోది నీళ్ళ పిలుపు. నాలుకను అంగిట్లో ఆడించి మొదలుపెట్టి, గొంతులోకి దించి, చివర సన్నగా సాగదీసేది. దాన్ని అక్షరాల్లో పెట్టడం ఈ వయసుకు కూడా నాకు చేతకాలేదు. ఆ పిలుపు నిడుగల్లు గుట్ట సగం దాకా వినిపించేది. గొర్రెలు ఎక్కడ మేస్తున్నా తలలెత్తి, రాళ్ళు దొర్లించుకుంటూ దిగి వచ్చేవి. బావి పక్కనున్న రాతితొట్టి అంచుదాకా నిండితే తప్ప అవ్వ ఆ పిలుపు పిలిచేది కాదు. సరదాకి కూడా నన్ను పిలవనిచ్చేది కాదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఒక పెద్ద పాత్రికేయుడు పోయాడని టీవీలో ఒక్క ముక్క చెప్పి, వెంటనే ఏదో సినిమా సంగతిలోకి దూకేశారు. ఆయన ఫొటో కూడా తెర మీద నాలుగు క్షణాలు నిలవలేదు. జీవితమంతా రేడియోలో, ఆ తర్వాత టీవీలో ఊళ్ళ సంగతులు ఊళ్ళకు చెప్పిన మనిషికి అంతేనా అని నాకు ఒళ్ళు మండింది. మా పల్లెలో ఆయన్ను రేడియో సారు అనేవాళ్ళం. వాళ్ళు చెప్పనిది నేను చెబుతాను. నేను బడికి పోయినవాణ్ణి కాను. గొర్రెల వెనక తిరుగుతూ, దుకాణంలో బెల్లం చుట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, సాయంత్రం పూట రేడియోలో ఆయన మాటలు వింటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. రాతలో తప్పులు ఉండవచ్చు. సంగతిలో ఉండవు.

ఆయన మొదటిసారి మా పల్లెకు వచ్చింది వానలు ఎగ్గొట్టిన ఏడాది. వేరుశనగ మొలిచిన చోటే మాడిపోయింది. బావి అడుగంటింది. ఒకసారి తోడితే మళ్ళీ ఊరడానికి చాలాసేపు పట్టేది. పొద్దున ఇళ్ళకు, ఎండపూట ఒక్కసారి మందలకు అని పెద్దలు మాట్లాడుకుని పంచుకున్నారు. చాలనట్టు గుట్ట మీద చిరుత తిరుగుతుండేది. పొద్దు గూకేలోపు గుట్ట దిగని గొర్రె తెల్లారి కనబడేది కాదు. మా నాయన కూలి వెతుక్కుంటూ దూరం పోయాడు. ఆ ఏడాది మా ఇంటిని నిలబెట్టాల్సింది ఆ మంద, మందను నిలబెట్టాల్సింది అవ్వ పిలుపు.

రేడియో సారు అప్పటికి కుర్రవాడే. ఇస్త్రీ చొక్కా, భుజాన ఇనుప పెట్టెంత బరువున్న టేపు రికార్డరు, బస్సు దిగి మట్టిదారిన నడిచి వచ్చాడు. కరువు పల్లెల గొంతులు రేడియోలో వినిపించాలట. స్టేషనులో కూర్చుని ఎవరో రాసిచ్చింది చదివితే చాలు, జీతం వచ్చే ఉద్యోగమే. అది చాలక పైవాళ్ళతో పోట్లాడి మరీ పల్లెలకు బయలుదేరాడని తర్వాత్తర్వాత తెలిసింది. సరిహద్దు పల్లెల్లో ఉండే మాలాగే తెలుగు, కన్నడం కలగలిపి మాట్లాడేవాడు. అందుకని మావాళ్ళకు కొత్త పోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎండపూట అవ్వ తొట్టి నింపి మందను పిలిచేటప్పుడు ఆయన పక్కనే మైకు పట్టుకుని నిలబడ్డాడు. పిలుపు ముగియగానే మీట నొక్కి ఆపేశాడు. ఆయనకు కావలసింది అంతవరకే. గొర్రెలు వచ్చి, తాగి, మళ్ళీ గుట్టెక్కాయి. అవ్వ ఖాళీ కడవ ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఆయన వేపచెట్టు నీడన కూర్చుని, గొంతు బాగా పడిందో లేదో చూసుకోవాలని టేపు వెనక్కి తిప్పి, సౌండు పెంచి పెట్టాడు. ఆ పని చేసేవాళ్ళు ఎవరైనా చేసేదే.

పెట్టెలోంచి అవ్వ గొంతు వచ్చింది. గుట్ట మీద తలలు లేచాయి. మంద మొత్తం దుమ్ము రేపుకుంటూ దిగింది. పొట్టేలు నేరుగా పెట్టె దగ్గరికి పోయి మూతి ఆనించి వాసన చూసింది. మిగతావి తొట్టి చుట్టూ మూగి అడుగున మిగిలిన తడి నాకాయి. ఆ తడి కూడా ఎంతోసేపు లేదు. బావి గట్టు మీద బీడీ కాలుస్తున్న మా మామ, “సారూ, పెట్టెలో గొంతు వచ్చె. ఇంకొంచెం తిప్పి చూడప్పా, నీళ్ళు కూడా వస్తాయేమో” అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. సారూ నవ్వాడు.

తన గొంతు తనకే వినబడి అవ్వ సగం దారిలోంచి పరుగెత్తుకుని వచ్చింది. తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. నాలుకలు చాపి రాయిని నాకుతున్న గొర్రెల్ని చూసింది. అప్పుడు అన్న మాటలు నాకు ఇప్పటికీ ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

“నా గొంతుతో పిలిచినావు నాయనా. నేను ఉత్త తొట్టి దగ్గరికి ఎప్పుడూ పిలిచిందాన్ని కాదు. ఇంగ నేను నిజంగా పిలిస్తే అవి నమ్మాల్నా, వద్దా?”

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. తెలియక చేశానమ్మా అన్నాడు. అవ్వ, “నీకు తెలీదు, సరే. నీకు తెలీదని వాటికి తెలుసునా?” అంది.

కాసేపటికి ముసలి గొర్రె ఒకటి వెనక్కి తిరిగింది. దాని వెనకే మిగతావన్నీ ఒక్క అరుపైనా లేకుండా గుట్టెక్కి పోయాయి. అరిచి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

ఇంకొకరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. ఆ ముసలామె మాట భలే ఉంది, మళ్ళీ ఒకసారి చెప్పమ్మా అని మైకు ముందుకు పెట్టేవాళ్ళు. ఈయన పెట్టె మూత వేశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, చేద ఏదని అడిగాడు. మామ వద్దన్నాడు. నీళ్ళు ఊరలేదు, పొద్దు వాలేదాకా తోడినా తొట్టి నిండదు, ఉన్న ఒక్క బస్సూ పోతుందని చెప్పాడు. పైగా మందకు ఒక్కసారే అని పెద్దలు అనుకున్న మాట ఒకటుంది కదా అన్నాడు. మర్నాటి పొద్దున మా ఇంటి వంతు నీళ్ళు వదులుకుంటాను, తోడనివ్వండి అని అవ్వ అంది. దాంతో ఆ మాట ఆగిపోయింది.

ఆయన చేద వేశాడు. సగం బురద, సగం నీళ్ళు. తేర్చి తొట్టిలో పోశాడు. మళ్ళీ ఊరేదాకా గట్టు మీద కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. తాడు లాగడం అలవాటు లేని చేతులు, బొబ్బలు లేచి చితికాయి. నేను తాడు చుట్ట చుట్టి అందిస్తూ చూశాను, ఆయన అరచేతులు పట్టిన చోట తాడుకు ఎర్రగా అంటింది. దూరంగా రోడ్డు మీద బస్సు వచ్చి పోయిన దుమ్ము కనబడింది. ఆయన అటు చూసి, మళ్ళీ చేద వేశాడు. తొట్టి సగం నిండాక ఇక చాలు పిలువు అన్నాడు మామ. అవ్వ ఒప్పుకోలేదు. తాను ఎప్పుడూ అంచుదాకా నింపే పిలిచానని, ఇవాళ అసలే తగ్గించకూడదని చెప్పింది.

పొద్దు గుట్ట అంచుకు వాలే వేళకు తొట్టి నిండింది. మామ బీడీ పారేసి ఎప్పుడు సాయానికి వచ్చాడో నేను గమనించలేదు గానీ, చివరి చేదలు ఇద్దరూ కలిసే లాగారు. అప్పుడు సారు పెట్టె వైపు చూసి, అవ్వను అడిగాడు, ఇప్పుడు పట్టుకోవచ్చా అని.

“పట్టుకో. పిలుపు అయిపోతానే ఆపేయొద్దు. అవి తాగిందాకా పట్టు” అంది అవ్వ.

ఆయన మీట నొక్కాడు. అవ్వ పిలిచింది. గుట్ట మీద తలలు లేచాయి. అంతే. ఒక్క గొర్రె కదలలేదు. అవి మమ్మల్ని చూస్తూ నిలబడ్డాయి, మేము వాటిని చూస్తూ నిలబడ్డాము. గుట్ట వెనక చీకటి పడబోతోంది. అవ్వ చెయ్యి నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే నాకు నొప్పి పుట్టింది. మళ్ళీ పిలువు అవ్వా అన్నాను. ఆమె పిలవలేదు. వంగి, దోసిలితో తొట్టిలో నీళ్ళు ఎత్తి, పైనుంచి మళ్ళీ తొట్టిలోకే వదిలింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వదిలింది. ఆ నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు ముసలి గొర్రె ఒక అడుగు దిగింది. ఆగి విని, ఇంకో అడుగు దిగింది. ఆ తర్వాత గుట్టంతా కదిలినట్టు మంద దిగింది.

అన్నీ తాగేదాకా సారు మైకు పట్టుకుని తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చునే ఉన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చేతులకు అంటిన బురద ముఖమంతా అయింది.

కొన్నాళ్ళకు దుకాణం దగ్గర అందరం కూడి రేడియోలో అది విన్నాం. మా బావి సంగతి ఆయనే తన గొంతుతో చెప్పాడు. తర్వాత అవ్వ పిలుపు. తర్వాత ఆ నిశ్శబ్దం, అంతసేపూ అట్లాగే వదిలేశాడు. దుకాణదారు రేడియో చెడిపోయిందనుకుని దాని నెత్తిన ఒకటి తట్టాడు. అంత ఖాళీ రేడియోలో వదలకూడదని స్టేషనులో పైవాళ్ళు కోప్పడ్డారట. కోసేయమన్నా ఆయన కోయలేదట. తర్వాత దోసిలి నీళ్ళ చప్పుడు, గిట్టల చప్పుడు, తాగుతున్న చప్పుడు. అవ్వ మాత్రం అంతా విని, “ఆఁ, ఇప్పుడు సరిపాయె” అని లేచి పోయింది.

ఆయన అంతటితో వదల్లేదు. మళ్ళీ వచ్చాడు. బావి చూడటానికి ఎవరైనా వచ్చారా అని అడిగాడు. రాలేదన్నాం. రాలేదని రేడియోలో చెప్పాడు. ఇంకోసారి వచ్చాడు, అడిగాడు, చెప్పాడు. చివరికి పూడిక తీసే మనుషులు వచ్చారు. ఆ తర్వాత కూడా ఒకసారి వచ్చి, నీళ్ళు తాగి చూసి, వచ్చాయని అదే రేడియోలో చెప్పాడు.

అక్కడి నుంచి ఆయన బతుకంతా నేను చెవులతోనే చూశాను. వరద ఊళ్ళకు పోయాడు, గనుల ఊళ్ళకు పోయాడు, ఎన్నికలప్పుడు ఎవరూ పోని చోట్లకు పోయాడు. ఎక్కడికి పోయినా తిరిగి పోవడం మానలేదు. ఫలానా ఊరికి ఫలానాది ఇస్తామన్నారు, ఇచ్చారో లేదో చూసి వచ్చాను అని మొదలుపెట్టేవాడు. అది కొందరికి గిట్టక ఆయన్ను ఎక్కడో భాష తెలియని స్టేషనుకు పంపేశారు. అక్కడి భాష నేర్చుకుని అక్కడా అదే పని చేశాడని విన్నాను. టీవీలు వచ్చాక ఒకరోజు ఆయన ముఖం తెర మీద కనబడితే పోల్చుకోలేకపోయాను. తల నెరిసింది. ఆయన నోరు తెరిచాక గొంతు గుర్తుపట్టి లేచి నిలబడ్డాను.

పెండ్లయ్యాక నేను నా భార్య ఊరు క్యాతగానచెర్లులో స్థిరపడ్డాను. ఇప్పుడు మా ఊరి చుట్టూ కనుచూపు మేర సోలార్ పలకలే. మా చేను కూడా కౌలుకు పోయి వాటి కిందే ఉంది. ఈ సోలార్ పార్కు వచ్చిన కొత్తలో చానెళ్ళ వాళ్ళు చాలామంది వచ్చారు, నెత్తి మీద తూనీగలా తిరిగే కెమెరాలు ఎగరేశారు. ఒక చానెల్ వాళ్ళు నన్ను పలకల ముందు నిలబెట్టి మాట్లాడమన్నారు. కౌలు వస్తోంది, వానకోసం ఏడ్చే పని తప్పింది అని చెప్పాను. భూమి లేనివాడికి పని పోయింది, మందలకు మేపు పోయింది అని కూడా చెప్పాను. వాళ్ళు మొదటి సగం చూపించారు. ఇంకో చానెల్‌కూ అంతా చెబితే వాళ్ళు రెండో సగం చూపించారు. నేను రెండుగా చీలిపోయి రెండు టీవీల్లో కూర్చున్నాను. మళ్ళీ ఎప్పుడు వస్తారని ఇద్దర్నీ అడిగాను. ఆ ప్రశ్న వాళ్ళకు అర్థం కూడా కాలేదు. ఒకమ్మాయి పాపం, ఎందుకు తాతా అంది.

ఆ తర్వాత రేడియో సారు వచ్చాడు. ఎవరూ పంపలేదు, రిటైరై చాలాకాలమైంది. టీవీలో నన్ను చూశాడట, చేతికర్ర పట్టుకుని బస్సు దిగి, నా పేరు అడుగుతూ వచ్చాడు. పలకల నీడలో కూర్చుని నా రెండు సగాలూ విన్నాడు. మైకు తేలేదేం సారూ అన్నాను. “ఇప్పుడు నా చేతిలో తొట్టి లేదప్పా. నీళ్ళు పోయలేనోణ్ణి, ఎందుకు పిలిచేది?” అన్నాడు. జేబులోంచి ఒక క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు. ఇది మీ అవ్వది, ఇన్నాళ్ళూ నా దగ్గర ఉండాది అన్నాడు. పోయేముందు నా గొర్రెల్ని చూస్తానన్నాడు. నా దగ్గర ఇప్పుడున్నవి కొన్నే. చూసి, ఒక గొర్రె తల నిమిరి పోయాడు. ఆయన అరచేయి అప్పుడు పట్టి చూశాను. మచ్చలు ఉన్నాయి.

క్యాసెట్‌లోని గొంతును మా మనవరాలు ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది. నా గొర్రెలకు అవ్వ తెలియదు. కానీ పెద్దయ్యాక అవ్వ దగ్గర నేర్చుకుని నేను పిలిచేది ఆమె పిలుపే కాబట్టి అది వాటికి తెలుసు. అందుకని అవ్వ గొంతు వినాలనిపించినప్పుడల్లా ముందు పోయి తొట్టి నింపుతాను. మోకాళ్ళు నొప్పులని మనవరాలు కోప్పడుతుంది, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినొచ్చు కదా తాతా అంటుంది. ఆ పిల్లకు ఒకనాడు కూర్చోబెట్టి ఇదంతా చెప్పాలి. మాట ఇచ్చేటప్పుడైనా, ఎవర్నైనా రమ్మనేటప్పుడైనా నా కళ్ళు ముందు తొట్టి వైపు పోతాయి. ఇంత బతుకులో నేను గట్టిగా నేర్చుకున్న చదువు అదొక్కటే.

మొన్న టీవీలో ఆ ఒక్క ముక్క విన్నాక టీవీ కట్టేసి బయటికి వచ్చాను. సిమెంటు తొట్టిని అంచుదాకా నింపి, ఫోను గట్టు మీద పెట్టి నొక్కాను. అవ్వ పిలిచింది. పలకల వరుసల మధ్యలోంచి గొర్రెలు వచ్చాయి. ఫోనులో ఆ పాత నిశ్శబ్దం, ఆ దోసిలి నీళ్ళు, ఆ గిట్టలు, ఆనాటి మంద తాగుతున్న చప్పుడు. ఫోను ఆగిపోయింది. తాగుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.