పిన్నీసు మొదలంటా దిగిన పడవ

"నువ్వు చదివింది మూడో తరగతి. వాళ్ళు తాతల కాలం నుంచీ పడవలు కట్టేవాళ్ళు," అంది నా కూతురు.

"చదివింది మూడే. పెరిగింది ఓడల కింద. పిల్ల ఆ పడవ ఎక్కదు," అన్నాను.

"ఎక్కుతుందమ్మా. టీచరు పేరు రాసేసుకుంది. ఆరుగురిలో మనవాళ్ళ పిల్ల ఇదొక్కర్తే. ఇప్పుడు మానేస్తే ఇంకోసారి పిలుస్తారా?"

"పిలవకపోతే పోయె. పిలుపుకోసం పిల్లని నీళ్ళమీదికి పంపుతామా?"

పక్కగదిలో మనవరాలు అంతా వింటోంది. దానికి పదకొండేళ్ళు. అరబ్బు దేశంలో, సూర్ అనే రేవు ఊళ్ళో మా అల్లుడు గ్యాస్ కంపెనీలో ఉద్యోగం చేస్తాడు, నేనొచ్చి వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. బడివాళ్ళు సెలవుపూట పిల్లల్ని పాత కోటలకీ, కావలి బురుజులకీ, చెక్కడపు తలుపులున్న పాత ఇళ్ళకీ తిప్పుతారు. చూసినవాటి బొమ్మలు వెయ్యాలి. ఈ పిల్ల పెన్సిలు వేలికి అందనంతగా అరిగేదాకా వేస్తుంది. ఆ ముక్కకి నేను కాగితం చుట్టి, పొడుగు చేసి మళ్ళీ చేతికిస్తాను.

ఏళ్ళ తరబడి ఒడ్డున ఎండుతున్న ఒక పాత చెక్కపడవని దాని యజమాని బాగు చేయించాడు. మర్నాడు నీళ్ళలోకి దించుతారు. దాని వెనకవైపు చెక్కడాన్ని బాగా వేసిన ఆరుగురు పిల్లలు మొదటిసారి అందులో ఎక్కి, అవతలి దీపస్తంభం దాకా వెళ్ళి రావచ్చు. నెలరోజులుగా ఇంట్లో ఇదే మాట.

ఆ మధ్యాహ్నం పిల్ల నన్ను లాక్కెళ్ళి పడవని చూపించింది. తీగలూ పువ్వులూ ఎంత బాగా చెక్కారో, తను వేసిన పువ్వుకి ఎన్ని రేకులో చెప్పుకుపోయింది. అందరూ ఆ చెక్కడాన్నే చూస్తున్నారు. నేను కిందికి వంగి పలకలు చూశాను. కొత్త నూనెతో మెరుస్తున్నాయి. గాజుకి ఎప్పుడూ ఉండే పిన్నీసు తీసి రెండు పలకల సందులో గుచ్చాను. మొదలంటా దిగింది. నాలుగడుగులు జరిగి మళ్ళీ గుచ్చాను. అక్కడా అంతే.

మాది తాళ్లరేవు. మా నాన్న ఓడల పలకల సందుల్లో నూనెదూది కూరేవాడు. ఆ దూది పేనడానికే నన్ను బడి మానిపించారు. ఎండలో నిలిచిన కర్ర ముడుచుకుంటుంది. నీళ్ళలో ఉంచితే తాగి ఉబ్బి, సందులు అదే మూసుకుంటుంది. అందాకా ఎంత దూది కూరినా నీరు ఊరుతూనే ఉంటుంది. కనీసం రెండు పోట్లు గడిస్తేగానీ మా నాన్న అందులోకి మనిషిని ఎక్కనిచ్చేవాడు కాదు. ఇక్కడేమో పడవ దిగిన గంటకే పిల్లలు ఎక్కాలి.

ఇదంతా కూతురికి చెబితే, అది మీ కాలం అంది. మా అల్లుడు నా ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కాదు. అప్పటిదాకా వింటూ నిలబడ్డవాడు కారు తాళాలు తీసుకుని, "రండి అత్తయ్యగారూ, పడవ బాగుచేసిన మేస్త్రీనే అడుగుదాం," అన్నాడు.

మేస్త్రీ గుజరాత్ నుంచి వచ్చిన ముసలాయన. నాకు హిందీ రాదు. ఆయన ముందే పిన్నీసు గుచ్చి చూపించాను. ఆయన పిన్నీసుకేసి కాదు, నా చేతికేసి చూశాడు. తర్వాత అల్లుడితో నెమ్మదిగా మాట్లాడాడు.

"కర్ర దాహంగా ఉందని ఆయనకీ తెలుసట. రెండ్రోజులు ముందే దించుదామన్నాడట. అతిథులకి చెప్పిన రోజు రేపేనని యజమాని ఒప్పుకోలేదట. పంపు ఉంది, పిల్లలకి జాకెట్లున్నాయి, భయం లేదంటున్నాడు."

ఆయన మనవరాలైతే ఎక్కిస్తాడేమో అడగమన్నాను. అల్లుడు అడగడానికి కాస్త మొహమాటపడ్డాడు. ముసలాయన నవ్వి ఏదో అన్నాడు.

"తన మనవరాలు వాళ్ళ ఊళ్ళో ఉందట. అక్కడ పడవ తడిశాకే పిల్లల్ని ఎక్కిస్తారట."

ఇంటికొచ్చాక అల్లుడు పిల్ల వెళ్ళదని చెప్పేశాడు. అమ్మకి తోడు మీరూనా అని కూతురు లోపలికి వెళ్ళిపోయింది. మనవరాలు బొమ్మల పుస్తకం సంచిలో కుక్కేసింది.

"అమ్మమ్మా, నువ్వసలు మా ఇంటికి రాకుండా ఉండాల్సింది," అంది.

పిల్ల అన్నం ముట్టలేదు. దానికని వండింది గిన్నెలోనే ఉంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.

పొద్దున్నే కూతురు టీచరుకి ఫోన్ చేసి పిల్ల ఎక్కదని చెప్పింది. కారణం చెప్పలేదు. అయినా చూడ్డానికి అందరం వెళ్ళాం. పోటు వేళకి పడవ దిగింది. ఐదుగురు పిల్లలు ఎక్కారు. మనవరాలు నా చెయ్యి విడిపించుకుని వాళ్ళ నాన్న పక్కకి వెళ్ళి నిలబడింది. దీపస్తంభం దాకా పోవాల్సిన పడవ సగంలోనే తిరిగింది. పడవ పక్కనుంచి పంపు ఆగకుండా నీళ్ళు బయటికి చిమ్ముతూనే ఉంది. పిల్లలు చీలమండల దాకా తడిసి, బూట్లు చేత్తో పట్టుకుని నవ్వుతూ దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. మేస్త్రీ పడవని ఒడ్డుకి కట్టి, రెండ్రోజులు ఎవర్నీ ఎక్కవద్దన్నాడు.

ఇంటికొచ్చి రాత్రి అన్నంతో పులిహోర కలిపాను. పిల్ల తిన్నది. నాతో మాట్లాడలేదు.