మూడు ఫోము పరుపులు, ఒక గొళ్ళెం

మా అత్తమ్మ మొదటి పరుపును చింపింది ఒక మంగళవారం మధ్యాహ్నం. నేను వంటింట్లో బియ్యం ఏరుకుంటున్నాను. ఆమె గదిలోంచి చిన్న చిన్న చప్పుళ్ళు వస్తుంటే పిల్లి దూరిందనుకున్నాను. పోయి చూస్తే మంచం మధ్యలో అత్తమ్మ. ఒళ్ళో ఫోము, జుట్టులో ఫోము, నేలంతా పసుప్పచ్చ ఫోము ముక్కలు. పదేళ్ళ గ్యారంటీ ఉన్న పరుపు అది. ఆ కార్డు వెతికి తీసి చదివించుకున్నాం. నీళ్ళు పడితే ఏం చేయాలో ఉంది, నల్లులు పడితే ఏం చేయాలో ఉంది. అత్తగారు పడితే ఏం చేయాలో రాయలేదు.

పరుపు మా దుకాణంలోదే. మేం దూదేకులవాళ్ళం. మా మామ రాంగోపాల్‌పేట్‌లో ఒక ఇరుకు మడిగె దుకాణంలో విల్లు పట్టుకుని దూది ఏకేవాడు. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని పరుపులు కుట్టేది. నలభై ఏళ్ళు కుట్టింది. కంటోన్మెంటు బంగళాల్లో పెద్ద పెద్ద ఆఫీసర్ల వీపులు ఆమె కుట్టు మీదే ఒరిగాయి. మామ పోయాక మా ఆయన ఆ విల్లును అటకెక్కించి ఫోము పరుపుల వ్యాపారం పెట్టాడు. దుకాణానికి అద్దాలొచ్చాయి, ఏసీ వచ్చింది. ముక్కులోకి దూది పోయే బాధ తప్పింది. అందరం ఎంత మురిశామంటే, సీతాఫల్‌మండి ఇంట్లో ఉన్న పాత దూది పరుపులు, తల కింది మెత్తలు అన్నీ ఎవరెవరికో ఇచ్చేసి మంచానికొక ఫోము పరుపు వేసుకున్నాం. పరుపుల వ్యాపారం చేసేవాళ్ళింట్లో దూది పరుపులేమిటి, చుట్టాలు నవ్వరూ!

అత్తమ్మకు మతిమరుపు మెల్లగా వచ్చింది. కూరలో రెండోసారి ఉప్పు. పాల పాకెట్టు బీరువాలో, రవిక ఫ్రిజ్‌లో. ఒకరోజు కొత్తిమీర తెస్తానని పోయి, తిరిగొచ్చే దారి తెలియక రైలు పట్టాల దగ్గర నిలబడిపోతే పక్కింటి ఆటో ఆయన తోలుకొచ్చాడు. పెద్దాసుపత్రి డాక్టరు స్కానింగు చూసి డిమెన్షియా అన్నాడు. తగ్గేది కాదు, పెరిగేదే అన్నాడు.

మేం మంచివాళ్ళం కదా, ఆమెను బాగా చూసుకోవాలని ఆ రోజే తీర్మానించుకున్నాం. బాగా చూసుకోవడమంటే మాకు తెలిసింది ఒక్కటే, చేతిలో పని లాక్కోవడం. మొదట చీపురు లాక్కున్నాను. తర్వాత కత్తిపీట. సూదులూ దబ్బనాలూ డబ్బాలో వేసి దాచేశాను. బట్టలు మడత పెడుతుంటే "నీకెందుకత్తమ్మా, నువ్వు కూసో" అని అవీ లాక్కున్నాను. స్టేజీ మీద పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కుర్చీలో కూర్చోబెట్టి, ముందు టీవీ పెట్టి, ఈ వయసులో కాలు కదపనక్కర్లేదు, ఎంత అదృష్టమని నలుగురికీ చెప్పుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె మాట్లాడడం దాదాపు మానేసింది. అది జబ్బు ఖాతాలో వేశాం.

పరామర్శల సంగతి చెప్పకపోతే పాపం. మా ఆయన అక్క, అంటే మా వదిన, ప్రతి ఆదివారం బాదం పప్పులు పట్టుకుని వచ్చేది. మతిమరుపుకు బాదంను మించిన మందు లేదని ఎవరో వాట్సాపులో పంపారట. చెప్పులు విడవకముందే పరీక్ష షురూ.

"అమ్మా, నేనెవరు? చెప్పు జెర. గుర్తువట్టినవా?"

అత్తమ్మ చూసేది.

"నా పేరేంది? నేన్నీకు ఏమైత?"

అత్తమ్మ తల దించుకుని చీర కొంగు నలుపుకునేది.

"అయ్యో, కన్నబిడ్డను సుత మర్చిపాయె! ఏం పిల్లా, బాదంలు నానబెట్టి పెడుతున్నవా, నువ్వే తింటున్నవా?" ఈ ప్రశ్న నాకు.

నేను పరీక్షలకు భయపడే ఐదో తరగతితో బడి మానేశాను. అలాంటిదాన్ని, ఎనభై దగ్గర పడ్డ మనిషికి వారం వారం పరీక్ష పెడితే తల దించుకోక ఏం చేస్తుందని నాకైనా తోచాలి. తోచలేదు. పక్కన నిలబడి "చెప్పత్తమ్మా, చెప్పు" అని అందించేదాన్ని.

నెల తిరగకముందే రెండో పరుపు పోయింది. మూడోదాన్ని చింపిన రోజు ఒక ముక్క అత్తమ్మ నోట్లో ఉంది. వేలు పెట్టి తీశాను. ఆ ఆదివారం వదిన తీర్పు చెప్పింది.

"గిట్ల గాదు తమ్మీ. మంచం తీసెయ్. కింద చాప ఎయ్యి. గదికి బయట్నుంచి గొళ్ళెం పెట్టు. ఆమె మంచికే చెప్తున్న. రేపు ఏమన్న మింగి పానం మీదికి తెచ్చుకుంటే ఎవరికి తక్లీఫ్?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను కాదనలేదు. మర్నాడు మార్కెట్‌కు పోయి ఆ గొళ్ళెం కొనుక్కొచ్చింది కూడా నేనే. ఇత్తడిది, బరువైనది. అత్తగారి కోసం కదా, చవక రకం ఎందుకని.

గొళ్ళెం బిగించే లోపల ఒకసారి మందైనా మార్పిద్దామని మా ఆయన డాక్టరును కలిశాడు. "మందు పెంచితే మంచం దిగకుండా పడి ఉంటుంది, అదేనా మీకు కావలసింది?" అని ఆయన కసిరాడట. ఆక్యుపేషనల్ థెరపీ అని ఒకటుంది, అది చేసే అమ్మాయిని ఇంటికి పంపుతానన్నాడట.

ఆమె వస్తుందని తెలిసి, మిషన్లు గట్రా తెస్తుందేమోనని సోఫా జరిపి జాగా చేశాం. వదిన ఆదివారం కాకపోయినా వచ్చింది. ముప్పై ఏళ్ళమ్మాయి, బస్సు దిగి చెమట తుడుచుకుంటూ వచ్చి, సంచిలోంచి ఒక నోటుబుక్కు, కొలత టేపు తీసింది. ఇంజెక్షన్ లేదు, మందు లేదు, కనీసం తెల్లకోటు లేదు. మాకు చాలా అవమానమైంది.

"మనిషి రోజూ చేసుకునే పనులే మా వైద్యం ఆంటీ," అంది. "స్నానం, తిండి, ఇంటి పని, వాళ్ళ వృత్తి. జబ్బున్నా అందులో ఎంత వీలైతే అంత వాళ్ళ చేతులతోనే చేసుకునేలా చూస్తాం."

"అంటే మా అత్తమ్మతోని పని జేపిస్తరా?" అన్నాను. ఆమె పనంతా లాక్కుని పుణ్యం మూట కట్టుకున్న కోడల్ని మరి.

ఆ అమ్మాయి నవ్వి, అత్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. చింపిన మూడో పరుపు దుప్పటి కింద ఇంకా అక్కడే ఉంది. కాసేపటికి అత్తమ్మ దుప్పటి తొలగించి పని మొదలుపెట్టింది. నేను ఆపబోతే అమ్మాయి చేయి అడ్డం పెట్టింది. అలా గంటసేపు చూస్తూనే ఉంది.

"గిట్ల కూసొని చూసుడే వైద్యమా? గిది నాకు సుత వస్తది," అని వదిన నా చెవిలో ఊదింది. నిజమే, రెండేళ్ళుగా చూస్తూనే ఉంది పాపం.

అప్పుడు ఆ అమ్మాయి నన్ను పిలిచింది. "చింపుతున్నారని చెప్పారు. నాకలా లేదు ఆంటీ, చూడండి. చిన్న ముక్క గిల్లుతున్నారు. వేళ్ళ మధ్య నలుపుతున్నారు. వాసన చూసి పెదవికి ఆనిస్తున్నారు. ఎడమ పక్కన పెడుతున్నారు, మళ్ళీ ఇంకో ముక్క. కోపంతో చింపేవాళ్ళు ఇలా కుప్ప పెట్టరు. ఈమె దేనికోసమో వెతుకుతున్నారు. ఏమిటది?"

మా ఆయన భోజనానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"దూది," అన్నాడు. "దూదిని గట్లనే చూస్తరమ్మా. గింజ ఉన్నదా, నలక ఉన్నదా అని వేళ్ళతోని నలుపుతరు. చెమ్మ ఉన్నదేమోనని పెదవికి పెట్టి చూస్తరు. అమ్మ దూది ఏరుతున్నది."

పుట్టినప్పటినుంచీ పరుపుల మధ్య పెరిగిన మనిషి. మూడు పరుపులు పోయాక కనిపెట్టాడు.

లేవబోతూ ఆ అమ్మాయి అలమార మీద కవర్లో ఉన్న గొళ్ళేన్ని చూసింది. అదెందుకని అడిగింది. మా ఆయన గది తలుపు వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది. "రెండు వారాలు నాకివ్వండి. అప్పటిదాకా అది కవర్లోనే ఉండనీయండి," అంది.

"రెండంటే రెండే," అంది వదిన. "పదిహేనో దినం గొళ్ళెం బిగించనీకి నేనే మిస్త్రీని తోల్కొస్త."

మా ఆయనకు ఏదైనా హోల్‌సేల్‌గా చేయడమే అలవాటు. మర్నాడే పాత బజారు నుంచి బూరుగు దూది బస్తా తెచ్చి అత్తమ్మ ముందు గుమ్మరించాడు. తల్లి మొహం వెలిగిపోతుందని ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఆ కుప్పను చూసి బెదిరి, గోడకు ఒదిగి, చెవులు మూసుకుని ఏడ్చింది. నేనూ మా ఆయనా సాయంత్రం దాకా ఫ్యాను ఆపుకుని దూది ఎత్తాం. వదినకు ఫోన్లో చెబితే "అయిపాయె, ఇగ మిస్త్రీకి చెప్పనా?" అంది.

ఆ అమ్మాయి వచ్చి మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక నీలం టబ్బు అడిగింది. తెల్ల దూది తెల్ల దుప్పటి మీద అత్తమ్మ కంటికి ఆనదట. ఆ టబ్బులో ఒకే ఒక్క పిడికెడు దూది వేసింది. "నోటితో చెప్పకండి ఆంటీ. పక్కన కూర్చుని మీరు చేయండి. ఆమె చూస్తారు."

నేను వ్యవసాయం చేసుకునే ఇంట్లోంచి వచ్చినదాన్ని. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నా నాకు దూది ఏకడం రాలేదు. నాకు తోచినట్టు పీకుతున్నాను. అత్తమ్మ టబ్బును చూసింది, నా చేతిని చూసింది. ఠపీమని నా చేతి మీద కొట్టింది.

"గట్లనా పీకుడు? చేతులా, కట్టెలా? ఇటు తే!"

నెలల తర్వాత ఆమె నోటివెంట వచ్చిన మొదటి నిండు మాట అది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఇదే మాటకు బావి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఈసారి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. కోడళ్ళకు ఏడవడానికి కారణాలదేముంది.

ఆ పదిహేను రోజుల్లో ఆ అమ్మాయి నాలుగుసార్లు వచ్చింది. గోడలూ తలుపులూ ఒకే రంగులో ఉంటే బాత్రూం తలుపు అత్తమ్మకు ఎలా తెలుస్తుందని దానికి ముదురాకుపచ్చ రంగు వేయించింది. మంచం పక్కన పట్టుకుని లేవడానికి కమ్మీ పెట్టించింది. పొద్దున చాయ్ తాగాక గంటసేపు దూది పని, రోజూ అదే చోట, అదే టబ్బు. మెత్త కుట్టడానికి మొద్దు మొనున్న ప్లాస్టిక్ సూది తెస్తే అత్తమ్మ దాన్ని పక్కన పారేసి "పిల్లలకియ్యి" అంది. అప్పుడు దాచిన దబ్బనం బయటికొచ్చింది. పోకుండా దానికి ఎర్ర తాడు కట్టి టబ్బుకు ముడివేశాం. ఆ గంట నేను పక్కనుంచి లేవకూడదని ఒట్టు.

తొమ్మిదో రోజు అత్తమ్మ టబ్బును కాలితో నెట్టేసింది. పదో రోజూ అంతే. ఆ రెండు రోజులూ నా చూపు అలమార మీది కవరు మీదే. అమ్మాయికి ఫోను చేస్తే "మనకు సెలవులుండవా ఆంటీ? ఆమెకూ ఉంటాయి" అంది. పదకొండో రోజు అత్తమ్మే వచ్చి టబ్బు ముందు కూర్చుంది.

పదిహేనో రోజు వదిన మాట తప్పలేదు. మిస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. అతను డ్రిల్లింగు మిషను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముందు వరండాలో అత్తమ్మ, ఆమె ఒళ్ళో సగం కుట్టిన మెత్త. నేను వదినకు ముందే చెప్పాను, ప్రశ్నలడగొద్దని ఆ అమ్మాయి చెప్పింది, మనం ఎవరమో మనమే చెప్పాలట అని. అలవాటు ఊరుకుంటుందా.

"అమ్మా, నేనెవరు?"

అత్తమ్మ తలెత్తి కిందినుంచి పైదాకా చూసింది. పట్టుచీర, గాజులు, బాదం పాకెట్టు. గుర్తుపట్టలేదు. ఈసారి తల మాత్రం దించుకోలేదు. టబ్బులోంచి ఇంత దూది తీసి వదిన చేతిలో పెట్టింది.

"ఖాలీగ నిలవడ్డవేందే? కూసో. ఏకు."

వదిన బాదం పాకెట్టు కింద పెట్టింది. పెళ్ళై పోయిన నాటినుంచీ దూది ముట్టని మనిషి, మెల్లగా పట్టుచీర మడుచుకుని నేల మీద కూర్చుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. అడిగితే దూది పడిందంది.

"గొళ్ళెం యాడ బిగించాలె సార్?" అన్నాడు మిస్త్రీ. అతనికి వేరే ఇళ్ళున్నాయి కదా.

మా ఆయన కవరు విప్పి మా పడకగది చూపించాడు. దానికి కారణముంది. ఆ ముందు రోజే అత్తమ్మ మా మంచం మీద ఇంకో ఫోము పరుపు ఉందని కనిపెట్టి, మూల గిల్లి, పెదవికి ఆనించి చూసి, "పాడు సరుకు" అని తేల్చేసింది. అందుకని పగలు మా గదికి బయటి గొళ్ళెం. పరుపు లోపల, అత్తమ్మ బయట. మంచి ఇత్తడి, చెక్కు చెదరలేదు.

జబ్బు తగ్గలేదు. డాక్టరు చెప్పినట్టు పెరుగుతూనే ఉంది. నా పేరు పోయి చాలా రోజులైంది. నన్ను "ఓ పిల్లా" అంటుంది, అప్పుడప్పుడు తన చెల్లెలనుకుంటుంది. కుట్లు వంకర పోతున్నాయి, కొన్ని రోజులు దూది నలుపుతూ కూర్చోవడమే. అదీ ఆగే రోజు వస్తుందని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. అప్పుడు చేతిలో ఏం పెట్టాలో అప్పుడు చూద్దామంది.

వదిన ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తుంది, బాదం లేకుండా. చెప్పులు విడిచి టబ్బు ముందు కూర్చుంటుంది. ఆమె ఏకిన దూదిని అత్తమ్మ వేళ్ళతో నలిపి, పెదవికి ఆనించి, తిరిగి ఆమె ఒళ్ళో పడేస్తుంది. "ఉండలున్నయ్. మళ్ళ ఏకు." ఇంతవరకు ఒక్కసారి కూడా పాస్ కాలేదు మా వదిన.